నీళ్లలో కనిపించేది పైదానికి నకలు కాదు

సంపాదకులకు,

ప్రయాణాల్లో నీటి ప్రతిబింబాలను ఫొటో తీయడం గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. పోలరైజర్ (ఒక దిశలో కంపించే కాంతినే లోపలికి రానిచ్చే ఫిల్టర్) తగిలించండి, నీటి అంచును ఫ్రేమ్ మధ్యలో పెట్టండి, అలలుంటే ఎక్స్‌పోజర్ సమయం పెంచండి అని అందులో మూడు సలహాలిచ్చారు. మూడూ ఒక్కోసారి పనికొచ్చేవే. ఎప్పుడు పనికిరావో చెప్పకపోవడమే చిక్కు. పైనున్న దృశ్యమే నీళ్లలో తలకిందులుగా కనిపిస్తుందన్న ఊహ మీద ఆ వ్యాసం మొత్తం నడిచింది. ఆ ఊహే తప్పు.

కెమెరా నీటి మట్టానికి ఎంత ఎత్తులో ఉందో, సరిగ్గా అంతే లోతున నీటి కింద ఇంకో కెమెరా ఉండి, నీరు అడ్డం లేకుండా పైకి చూస్తే ఏం కనిపిస్తుందో అదీ ప్రతిబింబం. అంటే చూసే చోటే వేరు. ఉదాహరణకు 20 మీటర్ల అవతల ఒడ్డున 3 మీటర్ల ఎత్తు పొదలున్నాయి, వాటి వెనక 500 మీటర్ల దూరంలో 100 మీటర్ల కొండ ఉంది అనుకోండి. నిలబడి, కెమెరాను నీటికి 1.5 మీటర్ల ఎత్తులో పట్టుకుంటే పొదల కొసలు కెమెరా మట్టానికి సుమారు 4 డిగ్రీల ఎత్తున, కొండ శిఖరం 11 డిగ్రీల ఎత్తున కనిపిస్తాయి. కొండ హాయిగా కనబడుతోంది కదా అని నీళ్లలోకి చూస్తే అక్కడ కొండ లేదు. ప్రతిబింబంలో పొదలు ఆ మట్టం నుంచి కిందికి దాదాపు 13 డిగ్రీల దాకా సాగి, పదకొండు దగ్గరే ఆగిపోయే కొండను పూర్తిగా కప్పేస్తాయి. అదే కెమెరాను నీటికి 30 సెంటీమీటర్ల ఎత్తుకు దించండి. నీళ్లలో పొదలు తొమ్మిదిన్నర డిగ్రీలకు తగ్గుతాయి, కొండ 11 దగ్గరే ఉంటుంది, శిఖరం బయటపడుతుంది. ఏ సెట్టింగూ మార్చలేదు, మోకాళ్లు వంచామంతే. కొండ నీళ్లలో పడటం లేదని వెనుదిరిగేవాళ్లలో చాలామంది ఒక్కసారి కూడా వంగి చూడరు.

ఎత్తు తగ్గిస్తే ఇంకో లాభమూ ఉంది. నీరు అద్దంలా అన్ని వైపులకూ ఒకేలా కాంతిని తిప్పికొట్టదు. నిటారుగా కిందికి చూస్తే, పడిన కాంతిలో తిరిగొచ్చేది 2 శాతమే. నీటి మట్టంతో 30 డిగ్రీల కోణంలో చూస్తే 6 శాతం, 10 డిగ్రీల్లో 35 శాతం, 5 డిగ్రీల్లో 58 శాతం వస్తుంది. ఫొటోగ్రాఫర్ల లెక్కలో (ఒక స్టాపు తగ్గితే వెలుతురు సగమవుతుంది) చెప్పాలంటే 30 డిగ్రీల దగ్గర ప్రతిబింబం అసలు వస్తువు కన్నా 4 స్టాపులు చీకటిగా ఉంటుంది, 10 డిగ్రీల దగ్గర ఒకటిన్నర, 5 డిగ్రీల దగ్గర ఒక స్టాపు కన్నా తక్కువ. కాళ్ల దగ్గరి నీళ్లలో అడుగు రాళ్లు కనబడుతూ, దూరంగా ఉన్న నీళ్లలో ఆకాశం కనబడేది ఇందుకే.

ఈ అంకెలు చేతిలో ఉంటే సగం ముదురుగా, సగం పారదర్శకంగా ఉండే గ్రాడ్యుయేటెడ్ ఫిల్టర్ విషయం కూడా తేలిపోతుంది. ఆకాశాన్ని అణచడానికి 3 స్టాపుల ఫిల్టర్ పెట్టి, నీళ్లలోని మబ్బులు పైమబ్బుల కన్నా తెల్లగా వచ్చిన ఫొటోలు కోకొల్లలు. కారణం తెలియకపోయినా, చూసేవాడి కంటికి అందులో ఏదో తేడా కొడుతుంది. 10 డిగ్రీల దగ్గరి ప్రతిబింబానికి 1 స్టాపు చాలు. నీటి భాగం పైభాగం కన్నా కనీసం అర స్టాపు చీకటిగానే ఉండాలి. ఫిల్టర్ వద్దనుకుంటే ట్రైపాడ్ మీద 2 స్టాపుల తేడాతో రెండు ఫొటోలు తీసి, ఒకదానిలోంచి ఆకాశాన్ని, రెండోదానిలోంచి నీటిని తీసుకోవచ్చు. సాఫ్ట్‌వేర్ తనంతట తాను కలిపే పద్ధతి మాత్రం నీటి దగ్గర దెబ్బతింటుంది. రెండు ఫొటోల మధ్య అలలు కదిలి ఉంటాయి కాబట్టి అంచుల్లో దయ్యపు గీతలు వస్తాయి.

ఇక పోలరైజర్. నీటి మట్టంతో సుమారు 37 డిగ్రీల కోణంలో చూసినప్పుడు తిరిగొచ్చే కాంతి పూర్తిగా అడ్డంగా కంపించే కాంతే. ఈ సూత్రానికి 19వ శతాబ్దపు స్కాట్లాండ్ శాస్త్రవేత్త డేవిడ్ బ్రూస్టర్ పేరే పెట్టారు. ఆ కోణంలో ఫిల్టర్‌ను ఒక వైపు తిప్పితే ప్రతిబింబం మాయమై చేపలు కనబడతాయి. అక్కడి నుంచి 90 డిగ్రీలు తిప్పితే ప్రతిబింబం దాదాపు నిలిచి, నీటి అడుగు నుంచి వచ్చే వెలుతురు సగానికి తగ్గుతుంది. మనకు కావాల్సింది ఈ రెండోది. వ్యాసంలో ‘పోలరైజర్ తగిలించండి’ అన్నారే గానీ ఎటు తిప్పాలో రాయలేదు, అది చదివి తగిలించుకున్నవాళ్లలో కొందరు తాము తీయాలనుకున్నదాన్నే చెరిపేసుకుంటారు. 5 నుంచి 10 డిగ్రీల తక్కువ కోణాల్లో దీని ప్రభావం బాగా తగ్గుతుంది. అయినా ఒకటిన్నర నుంచి 2 స్టాపుల వెలుతురును మింగేస్తుంది. తిప్పి చూసి తేడా లేకపోతే తీసి సంచిలో పెట్టేయడమే మంచిది. వెడల్పాటి లెన్సుకు తగిలిస్తే ఆకాశంలో ఒక చోట ముదురు నీలం మచ్చ పడుతుంది, నీళ్లలోనూ దాని జాడ కనిపిస్తుంది. అన్నట్టు, పోలరైజ్డ్ చలవ కళ్లద్దాలు పెట్టుకుని నీటి ఒడ్డున తిరిగేవారికి మంచి ప్రతిబింబాలు కొన్ని కంటపడవు. వాటిని తీసి చూడాలి.

వెలుతురు గురించి వ్యాసంలో ఒక్క ముక్కా లేదు. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం అదే. ఎదుటి కొండ మీదో, గోడ మీదో ఎండ పడుతూ, మధ్యలో నీరు నీడలో ఉండాలి. ఎండ నేరుగా నీటి మీద పడితే అందులోని మట్టి రేణువులు, అడుగున ఉన్న ఇసుక వెలిగి ప్రతిబింబం మీద పాలపొర కప్పినట్టవుతుంది. బురద నీరు పనికిరాదంటారు గానీ అది ఎండలో ఉన్నప్పటి మాట. నీడలో ఉన్న బురద నీటి మీద, తక్కువ కోణంలో, ఎండ పడిన ఎర్ర రాతి రంగు ఎంత గాఢంగా వస్తుందో చూసినవాళ్లకు తెలుస్తుంది. అడుగు నల్లగా ఉన్న నీరు ఇంకా మేలు. అందుకే సూర్యుడు వచ్చాక పైఎత్తులు వెలిగి, లోయ ఇంకా నీడలో ఉండే కొద్ది నిమిషాలు పనికొస్తాయి. సాయంత్రం కూడా అలాంటి సమయం వస్తుంది, కాకపోతే అప్పుడు గాలి ఎక్కువ.

గాలి లెక్క ఇదీ. రాత్రంతా నేల చల్లబడి, దాన్ని ఆనుకున్న చల్లగాలి బరువెక్కి కదలక ఉంటుంది. పైన వీచే గాలి కిందికి దిగదు. ఎండెక్కి నేల వేడెక్కగానే పైగాలి, కిందిగాలి కలిసి నీరు కదలడం మొదలవుతుంది. కాబట్టి తెల్లవారుజామునే వెళ్లాలి. ఆలస్యమైతే గాలి వచ్చే వైపు ఒడ్డుకు ఆనుకుని, రెల్లు వెనక, సన్నటి పాయల్లో వెతకాలి. నీటి మీద గాలి పరుగెత్తే దూరం ఎంత తక్కువైతే అల అంత చిన్నది. చిన్న అలే కదా అనుకోవద్దు, అల వాలు 3 డిగ్రీలు వంగితే ప్రతిబింబం 6 డిగ్రీలు పక్కకు జరుగుతుంది. తక్కువ కోణంలో చూస్తే ఈ చెదురు ఎక్కువగా నిలువునా సాగుతుంది. దీపాలు నీళ్లలో పొడుగాటి స్తంభాల్లా కనిపించేది అందుకే.

ఎక్స్‌పోజర్ సమయం పెంచితే అలలు అణగవు. వాటి స్థానాలన్నీ ఒకదాని మీద ఒకటి పడి సగటు వస్తుంది, అంతే. 30 సెకన్లకు రంగు మిగులుతుంది, ఆకారం కరిగిపోతుంది. కావాలని రంగు కోసమే తీస్తే అదీ అందమే. ఆకారం కావాలంటే మాత్రం సెకనులో 250వ వంతు పెట్టి, ముక్కలైన ప్రతిబింబాన్ని ముక్కలుగానే పట్టుకోవాలి. అటూ ఇటూ కాని అర సెకను దగ్గరే ఎక్కువ ఫొటోలు చెడతాయి, చెయ్యి వణికినట్టు కనిపిస్తాయి.

ఫోకస్ దగ్గర తరచూ జరిగే పొరపాటు నీటి ఉపరితలం మీద ఫోకస్ చేయడం. ప్రతిబింబం నీటి పైపొర మీద ఉండదు. కెమెరా నుంచి నీటి దాకా, నీటి నుంచి కొండ దాకా ఉన్న మొత్తం దూరంలో ఉంటుంది. ఆటోఫోకస్ తేలుతున్న ఆకును పట్టుకుంటే కొండ మసకబారుతుంది. ఆకూ కొండా రెండూ స్పష్టంగా కావాలంటే, ఫుల్ ఫ్రేమ్ (36×24 మి.మీ. సెన్సర్ ఉన్న) కెమెరాకు 24 మి.మీ. లెన్సు పెట్టి ఎఫ్/11 (లెన్సు రంధ్రం కొలత; అంకె పెరిగితే రంధ్రం చిన్నది) దగ్గర 1.75 మీటర్ల దూరానికి ఫోకస్ చేస్తే సుమారు 90 సెంటీమీటర్ల నుంచి దిగంతం దాకా చాలినంత స్పష్టత వస్తుంది. ఎఫ్/22కి వెళ్తే కాంతి వంపు వల్ల మొత్తం ఫొటో కాస్త మెత్తబడుతుంది. ఫోన్ అయితే నీళ్లలో కనిపించే కొండ మీదే వేలితో నొక్కి పట్టుకుని ఫోకస్ లాక్ చేయాలి. పోర్ట్రెయిట్ మోడ్ వద్దు. అది ప్రతిబింబం ఎంత దూరంలో ఉందో పోల్చుకోలేక మనిషిని ఉంచి, నీళ్లలోని అదే మనిషిని మసకచేస్తుంది.

పెద్ద చెరువే అక్కర్లేదు. 30 సెంటీమీటర్ల వాన గుంట చాలు. నిలబడి 2 మీటర్ల దూరంలోని గుంటను చూస్తే అందులో ఇమిడేది నాలుగు డిగ్రీల దృశ్యం కూడా కాదు, తిరిగొచ్చే కాంతి అయిదు శాతం లోపే. ఫోన్‌ను తలకిందులు చేసి, లెన్సును నీటికి ఒకటిన్నర సెంటీమీటర్ల ఎత్తులో ఉంచితే అదే గుంటలో 3 డిగ్రీల నుంచి 27 డిగ్రీల దాకా పడుతుంది. ఒక భవనం మొత్తం దిగిపోతుంది. ఉప్పునీటి దగ్గర ఇలా చేస్తే ఆ వెంటనే మంచినీటితో తడిపిన గుడ్డతో ఫోన్‌ను తుడవాలి. ట్రైపాడ్ కాళ్లను కూడా కడగాలి, లేకపోతే బిగింపుల్లో ఉప్పు పేరుకుని పట్టేస్తాయి. సముద్రపు తడి ఇసుక మీద అల వెనక్కి తగ్గాక నీటిపొర నిలిచేది కొద్ది సెకన్లే, ముందే ఫ్రేమ్ కట్టుకుని వేచి ఉండాలి. అక్కడ ట్రైపాడ్ కాళ్లు నెమ్మదిగా దిగబడతాయి, అల తీసిన ప్రతిసారీ మట్టం చూసుకోక తప్పదు.

గాజు, లోహం గురించి క్లుప్తంగా. కిటికీ గాజు ఒక్కో ముఖం నుంచి సుమారు 4 శాతం కాంతిని తిప్పికొడుతుంది. లోపల చీకటి, బయట వెలుతురు ఉంటేనే అది అద్దమవుతుంది. రెండు పొరల గాజులో రెండు బొమ్మలు పక్కపక్కన పడతాయి, దాన్ని సరిచేయడానికి దారి లేదు, వేరే కిటికీ చూసుకోవాలి. రంగు వేసిన కారు బానెట్ మీద పోలరైజర్ పనిచేస్తుంది, మెరుగు పెట్టిన ఉత్త లోహం మీద దాదాపు చేయదు. ఉబ్బెత్తు అద్దాలు, నల్ల కళ్లద్దాలు, కారు పక్క అద్దం లాంటివాటిలో ఫోకస్ నియమం తారుమారవుతుంది. దూరపు దృశ్యం కూడా అద్దానికి కాస్త వెనకే చిన్నదై కూర్చుంటుంది కాబట్టి అక్కడ అద్దం అంచు మీద ఫోకస్ చేసినా దాదాపు సరిపోతుంది.

చివరగా, మీరే చేయగలిగిన పని ఒకటుంది. ఆ వ్యాసంతో పాటు వేసిన పడవ ఫొటోలో కింది సగం పైసగాన్ని తిరగేసి అతికించినదే అనిపిస్తోంది. దూరపు కొండలను చూసి ఇది తేల్చలేం, నిజం ఫొటోలోనూ అవి పైకీ కిందికీ దాదాపు ఒకేలా ఉంటాయి. దగ్గరి వస్తువులను చూడాలి. నిజమైన ప్రతిబింబంలో వంతెన అడుగు భాగం, చూరు కింది దూలాలు, ఆకుల వెనక వైపు పైకన్నా ఎక్కువ కనిపిస్తాయి. పడవలో కూర్చున్నవారి ఒడి పైన కనబడుతూ నీళ్లలో కనబడకూడదు. ఆ ఫొటోలో రెండు చోట్లా కనబడుతోంది, పైగా నీళ్లలోని ఆకాశం పైఆకాశం అంతే వెలుగుతోంది. ఇంకో ఫోన్ తెరను లెన్సు కింద ఆనించి నీరు లేకుండానే తీసిన ప్రతిబింబాలూ ఇప్పుడు చాలా వస్తున్నాయి. ఆ పద్ధతిలో తప్పేమీ లేదు, కింద ఆ మాట రాస్తే చాలు. పాఠకుల ప్రయాణ ఫొటోలు తీసుకునేటప్పుడు కెమెరా నుంచి వచ్చిన అసలు ఫైలును కూడా పంపమని అడగండి, ఆ పడవ ఫొటోతోనే మొదలుపెట్టండి.

ఇట్లు,
ప్రకృతి ఫొటోగ్రఫీ పాఠాలు చెప్పే మీ పాఠకుడు