పగిలిన పెన్నులు, తీసేసిన తువ్వాలు

అందరికీ నమస్కారం.

ఉగాదికి మీరు నా దగ్గర తీసుకున్న పనస కర్ర పెన్నుల్లో కొన్ని పగిలాయి. ఈ మాట తిప్పి తిప్పి చెప్పడం నాకు చేతకాదు. పనసలో నల్లటి రోజ్‌వుడ్ పట్టీలు అల్లుకుపోయిన మెలికల ముగ్గు రకం మొత్తం 64 వెళ్లాయి. నిన్నటికి 19 మంది ఫోటోలు పంపారు. మొదటి ఫోటో హైదరాబాద్ నుంచి ఒక లెక్చరర్ గారిది. క్లిప్పు కింద మొదలై నడుము దాకా వెంట్రుకంత గీత. ఆవిడ కోప్పడలేదు. "ఇది కూడా డిజైనేనా అండీ?" అని అడిగారు. తిట్టినా బాగుండేది.

ముందు మీకు కావలసింది చెప్పేస్తాను. ఆ 64లో ఏదైనా సరే, పగిలినా పగలకపోయినా, మార్చి ఇస్తాను. కొరియర్ ఖర్చు రెండువైపులా నాదే. బిల్లు వెతుక్కోనక్కర్లేదు, పెన్ను చూస్తే నాకు తెలుస్తుంది. టేకు పెన్నులకి ఏ ఇబ్బందీ లేదు. ఇక ఎందుకిలా అయింది, దీని వల్ల మన షెడ్డులో ఏం మారబోతోంది అన్నది కాస్త పొడుగు కథ. తీరిక లేనివాళ్లు ఇక్కడితో ఆపేయొచ్చు.

మొదటి నుంచి వస్తున్నవాళ్లకి హుద్‌హుద్ టేకు సంగతి తెలుసు. 2014 అక్టోబరు 12న తుపాను ఊరి మీద పడ్డప్పుడు మా వీధి చివర టేకు చెట్టొకటి గోడ మీదకి ఒరిగిపోయింది. ఆ ఇంటివాళ్లు పట్టుకుపొమ్మంటే కోయించి అటక మీద పడేశాను. అప్పటికి పెన్నుల ఆలోచనే లేదు. తర్వాత చేసిన పెన్నులు దాదాపు అన్నీ ఆ చెట్టులోవే. ఒక్కటీ పగల్లేదు. ఒకసారి ఎగ్జిబిషన్‌లో ఒకాయన పక్క స్టాల్‌లోని మెలిక పెన్ను తెచ్చి చూపించి, "ఇది 600కే ఇస్తున్నారు, మీది 1,450 ఎందుకు?" అన్నారు. "మాది పగలదు సార్" అన్నాను, కాస్త గొంతు పెంచే అన్నాను. అది నా చేతి మహిమ అనుకున్నాను. ఏళ్ల తరబడి అటక మీద ఊరికే పడి ఎండిన కర్ర మహిమ అది.

గత ఏడాది ఆ టేకు అయిపోయింది. నాకు పదహారేళ్లుగా తెలిసిన టింబర్ డిపో ఆయన ఒకరున్నారు. పేరు చెప్పను, చెప్పి సాధించేదీ లేదు. "శ్రీకాకుళం వైపు పెంకుటిల్లు పడగొట్టారు, నలభై ఏళ్ల పనస దూలం, నీకోసమే పక్కన పెట్టాను" అన్నాడు. వెళ్లి చూశాను. కోసిన ముఖం పసుపు ముద్దలా ధగధగలాడుతోంది. రోజ్‌వుడ్ నలుపు పక్కన ఆ పసుపు ఎలా ఉంటుందో అప్పుడే కళ్ల ముందు కనిపించింది. బేరం కూడా సరిగ్గా ఆడలేదు. నలభై ఏళ్లు ఇంటిని మోసిన దూలానికి ఒక్క మేకు కన్నం ఉండదా? పాత పనస పైపొర గోధుమరంగుకి తిరగదా? వడ్రంగి కొడుకుని, ఇవన్నీ నాకు తెలియనివి కావు. ఆ రోజు అడగలేదంతే. అడిగితే ఆ పసుపు నా చేయి జారిపోతుందని భయపడ్డానేమో.

అది పచ్చి కర్ర. కొట్టి ఏడాది కూడా అయి ఉండదు.

పెన్నులు పగిలాక ఒకటి జేబులో వేసుకుని డిపోకి వెళ్లాను. అటూ ఇటూ తిప్పి చూసి, "ఏటి బాబూ, కర్రన్నాక పగలదా ఏటి?" అన్నాడు. మిగిలిన దుంగ తెస్తే మారుస్తాడట. పెన్నులైపోయిన కర్ర సంగతి అడిగితే, "అది నీ పనితనం కదా, నాకేం సంబంధం" అన్నాడు. పదహారేళ్లలో నేను ఆయన దగ్గర ఒక్కసారి కూడా అప్పు పెట్టలేదు. ఆ మాట అక్కడే అనాలని ఉండింది. ఇంటికొచ్చి మా ఆవిడతో అన్నాను. ఇక ఆ గేటు తొక్కేది లేదు.

ఇప్పుడింత తాపీగా చెబుతున్నాను గానీ, మొదటి వారం నాకు కారణమే అంతుపట్టలేదు. జిగురు అనుకున్నాను, ఎపాక్సీ డబ్బా మార్చాను. తొలిచేటప్పటి వేడి అనుకున్నాను, డ్రిల్లు వేగం తగ్గించాను. రాత్రుళ్లు నిద్ర లేదు, ఒకటే టెన్షన్. చివరికి పెన్నులు తిప్పేవాళ్ల, అంటే లేత్ మీద కర్ర తిప్పి పెన్నులు చేసేవాళ్ల వాట్సాప్ గ్రూపులో అడిగాను. రెండేళ్ల కిందట అదే గ్రూపులో అనకాపల్లి కుర్రాడొకడు, "అన్నయ్యా, ఆ నాలుగు పట్టీలు మధ్యలో అంత కచ్చితంగా ఎలా కలుస్తున్నాయి?" అని నన్ను అడిగాడు. "అది చెప్పేది కాదు తమ్ముడూ" అని రాసి రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టాను. మొన్న నా ప్రశ్న కింద మొదటి జవాబు వాడిదే. "అది చెప్పేది కాదు అన్నయ్యా." కింద అదే దండం బొమ్మ.

గ్రూపులో అంతా నవ్వారు. నాకు మాత్రం చెవులు వేడెక్కాయి. ఫోన్ బోర్లా పెట్టేసి లేత్ ముందు కూర్చున్నాను గానీ చేయి ఆడలేదు.

ఆ సాయంత్రం పాలకొల్లు నుంచి ఫోన్ వచ్చింది. డ్రాయింగ్ మాస్టారుగా రిటైరైన పెద్దాయన, గ్రూపులో ఎప్పుడూ నోరు విప్పరు. పలకరింపు కూడా లేకుండా, "ఏవండీ, మీరు కర్రని తూచారా?" అన్నారు. తూచడమేంటండీ అన్నాను. నలభై నిమిషాలు చెప్పారు. పెన్ను లోపల ఇత్తడి గొట్టం ఉంటుంది. కర్ర ఎండేకొద్దీ ముడుచుకుంటుంది, ఇత్తడి ముడుచుకోదు. పట్టు బిగిసి బిగిసి చివరికి కర్ర నిలువునా చీలుతుంది. మన ఊరి గాలిలో ఎప్పుడూ తేమే, అందుకే ఇక్కడివాళ్ల పెన్నులు చాలావరకు ఇంకా నిలిచాయి. ఏసీ గదుల్లోకి వెళ్లినవి నెల తిరక్కుండానే నోరు తెరిచాయి. లెక్క చూస్తే 19లో 17 హైదరాబాద్, బెంగళూరు వెళ్లినవే.

మర్నాడు వంటింట్లోంచి మా ఆవిడ డిజిటల్ కాటా తెచ్చుకున్నాను. మిగిలిన పనస దుంగలోంచి పెన్నుకి సరిపడే చదరపు ముక్కలు కోసి ఒక్కోటీ తూచి, బరువు దాని మీదే పెన్సిల్‌తో రాశాను. ఒక ముక్క 41 గ్రాములు. వారానికి 39. ఇంకో వారానికి 38. నాలుగో వారంలో 37 దగ్గర ఆగింది. అంటే ప్రతి ముక్కలోనూ నాలుగు గ్రాముల నీళ్లు పెట్టి, పైన తళతళలాడే పాలిష్ వేసి మీకు అమ్మానన్నమాట. ఇకమీదట వరసగా రెండు వారాలు బరువు మారని కర్రకే గొట్టం ఎక్కుతుంది. తొలిచాక కూడా పది రోజులు వదిలేస్తాను. అది మాస్టారి సలహానే.

ఫోన్ పెట్టేసే ముందు, "మీకు నేనేమైనా చెప్పగలనా అండీ?" అని అడిగాను. మర్యాదకి అడిగిన మాటే, ఒప్పుకుంటాను. మెలిక గుట్టు అడుగుతారని భయపడుతూనే అడిగాను. ఆయన, "మీరు వాడే రోజ్‌వుడ్ ఎక్కడ దొరుకుతుందో చెప్పండి చాలు" అన్నారు.

ఆ మాట దగ్గర నేను మూడు వారాలు ఆగిపోయాను.

షెడ్డుకి వచ్చినవాళ్లు చూసే ఉంటారు. రంపం బల్ల పక్కన, కోసేటప్పుడు కర్రని కోణం తప్పకుండా పట్టి ఉంచే నా కోత చట్రం మీద ఎప్పుడూ పాత తువ్వాలు కప్పి ఉంటుంది. "ఎవర్ని పడుకోబెట్టారండీ అందులో?" అని మీలోనే ఒకరు నవ్వారు. ఆరేళ్లుగా ఎవరొచ్చినా ముందు ఆ తువ్వాలు సర్దడం నాకు అలవాటు. ఇప్పుడు దాన్ని తీసేయాలా వద్దా?

మా ఆవిడ లెక్కలు చూస్తుంది. మన అమ్మకాల్లో సగానికి పైగా ఈ మెలిక పెన్నులే. "ఆరేళ్లు వేళ్లు కోసుకుని నేర్చుకున్నది ఊరికే పంచిపెడతారా? రేపు మనమేం అమ్మాలి?" అంది. తప్పు మాటేం కాదు. మా బావమరిది డిజైన్ రిజిస్ట్రేషన్ చేయించమన్నాడు. 2000 నాటి చట్టం కింద పదేళ్లు, పొడిగిస్తే ఇంకో అయిదేళ్లు హక్కు ఉంటుంది. కానీ కొత్త డిజైన్‌కే ఇస్తారు. ఆరేళ్లుగా బజార్లో అమ్ముతున్నదాన్ని కొత్తదని ఎలా రాయను? పైగా ఈ అల్లిక నేను కనిపెట్టింది కాదు. బయట దేశాల్లో పెన్నులు తిప్పేవాళ్లు దీన్ని సెల్టిక్ నాట్ అంటారు. ఐర్లండ్ వైపు పాత రాతిశిలువల మీద ఇలాంటి అల్లికలే ఉంటాయి. మన ఇళ్ల ముందు చుక్కల చుట్టూ తిప్పే మెలికల ముగ్గు గుర్తొచ్చి నేను ఆ పేరు పెట్టుకున్నాను. నేను నేర్చుకున్నది కూడా ముక్కూమొహం తెలియని ఎవరో వీడియోలో విడమరిచి చూపిస్తే. అది మర్చిపోయి తువ్వాలు కప్పాను.

మధ్యలో ఒక ఆదివారం యలమంచిలి మీదుగా లక్క బొమ్మల ఊరు ఏటికొప్పాక వెళ్లొచ్చాను. పని ఉండి కాదు, మనసు బాగోక. అక్కడ ఒక పెద్దాయన వరండాలోనే లేత్ పెట్టుకుని అంకుడు కర్ర తిప్పుతున్నాడు. తిరుగుతున్న కర్రకి లక్క కడ్డీ ఆనిస్తే ఆ రాపిడి వేడికి రంగు కరిగి పట్టుకుంటుంది. తర్వాత మొగలి ఆకు ముక్క ఒత్తిపట్టి మెరుగు తెస్తాడు. తలుపు లేదు, తువ్వాలు లేదు, బళ్లో వెళ్లేవాడికి కూడా కనిపిస్తుంది. నేను చాలాసేపు నిలబడేసరికి ఆకు నా చేతికిచ్చి "పట్టండి" అన్నాడు. పట్టాను. రంగంతా చారలు పడింది. ఆయన నవ్వి, దాన్ని చెక్కేసి మళ్లీ మొదలెట్టాడు. ఏటికొప్పాక బొమ్మలకి 2017లో జీఐ, అంటే ఫలానా ఊరి సరుకని చట్టం ఇచ్చే గుర్తింపు వచ్చింది. అది పేరుని కాపాడుతుంది. చేతిని ఎవరూ కాపాడక్కర్లేదని నాకా చారలు చూస్తే తెలిసింది.

సరే, గుట్టు ఇదీ. 20 మిల్లీమీటర్ల చదరపు ముక్క. నాలుగు ముఖాలకీ అంకెలు వేసుకోండి. ఒక ముఖం పైకి పెట్టి 45 డిగ్రీల ఏటవాలుగా కోయండి, కానీ పూర్తిగా తెగనివ్వకండి. అడుగున కాగితమంత మిగిలితే రెండు సగాలూ వరస తప్పవు. ఆ సందులో రోజ్‌వుడ్ పట్టీ పెట్టి అతికించండి. రోజ్‌వుడ్‌లో నూనె ఉంటుంది, ముందు అసిటోన్‌తో తుడవకపోతే జిగురు పట్టదు. ఒక రోజు ఆగి, ముక్క తిప్పి, అదే చోట ఇంకో ముఖం. అలా నాలుగు కోతలు, నాలుగు రోజులు. గుండ్రంగా తిప్పేసరికి పట్టీలు ఒకదాని కింద ఒకటి దూరినట్టు మెలికపడతాయి. అనకాపల్లి తమ్ముడు అడిగినదానికి జవాబు ఒక్కటే: పట్టీ మందం, రంపం తినేసే మందం సరిగ్గా ఒకటి కావాలి. నా రంపం 1.8 మిల్లీమీటర్లు తింటుంది, పట్టీ 1.8. మిల్లీమీటరులో పదో వంతు తేడా వచ్చినా కోతకి కోతకి గీత పక్కకి జరిగి ముడి విడిపోతుంది. అంత సన్న తేడా కూడా కొలిచే వెర్నియర్ లేకుండా ఈ పని మొదలెట్టకండి.

ఇంతే. దీన్నే ఆరేళ్లు తువ్వాలు కింద దాచాను.

వచ్చే నెల నుంచి రెండో ఆదివారం, నాలుగో ఆదివారం పొద్దున పది నుంచి షెడ్డు తెరిచి ఉంటుంది. ఒకసారికి నలుగురు. ఎవరి కర్ర వాళ్లు తెచ్చుకోవాలి, తూచి బరువు రాసిన కర్రే తేవాలి. ఫీజు లేదు, టీ మాత్రం మీదే. కోత చట్రం కొలతలు అడగొద్దు. అది మా నాన్న చేసింది, దాన్ని ఇంకెవరి బల్ల మీదా చూడలేను. రెండు రంగుల మెలికలో ఏ ముఖం తర్వాత ఏ ముఖం కోయాలో కూడా చెప్పను. అది నేనొక్కణ్నే కూర్చుని తేల్చుకున్నది. పిసినారితనం అనుకుంటే అనుకోండి.

ఈ సంగతి అనకాపల్లి కుర్రాడికి అందరికంటే ముందు మెసేజ్ పెట్టాను. రెండు రోజులు జవాబు లేదు. మూడో రోజు ఒక ఫోటో పంపాడు. "థాంక్స్ అన్నయ్యా, నాకు ఏడాది కిందటే వచ్చేసింది." పెద్దది చేసి చూశాను. బాగా చేశాడు. మూడో మెలిక దగ్గర వెంట్రుకవాసి తప్పింది. చెప్పాలా వద్దా అని ఇంకా ఆలోచిస్తున్నాను.

మిగతా విషయాలు. మార్పిడి పెన్నులు ఇవ్వడానికి అయిదు వారాలు పడుతుంది. కర్ర ఆరడానికి అంత కాలం కావాలి, తొందర పెట్టకండి. అవి అయ్యేదాకా మెలిక పెన్నులకి కొత్త ఆర్డర్లు తీసుకోను. ధర 1,450 నుంచి 1,600 అవుతుంది. పాత ఆర్డర్లకి పాత ధరే. పనసే కావాలా, వేరే కర్ర కావాలా అన్నది మీ ఇష్టం, మెసేజ్‌లో రాయండి. పెన్ను పంపేటప్పుడు రీఫిల్ తీసేసి పంపండి. మొన్న ఒకటి దారిలో కారి, కవర్ మీద అడ్రసు మొత్తం నీలంగా అయిపోయింది, అది ఎవరిదో ఇప్పటికీ తెలియలేదు. విజయనగరం ముద్ర ఉంది. మీదైతే ఫోన్ చేయండి.