మిరపకాయల ముడతలు ఎటు పోయాయంటే

గుంటూరు

ఒరేయ్ బావా,

నీ ఉత్తరమొచ్చి పది రోజులైంది. జవాబు ఆలస్యమవడానికి కారణం మిరపకాయలు. నవ్వకు, చెప్తా విను.

ఆదివారం పొద్దున్నే లాం దాటాక ఒక కల్లంలో ఆరబోసిన కాయల్ని ఫోటోలు తీశాను. ఘాటుకి తుమ్ముతూ, కళ్లు తుడుచుకుంటూ 60 తీశా. మధ్యమధ్యలో కెమెరా వెనక హిస్టోగ్రామ్ కూడా చూసుకున్నా, అదే, ఫోటోలోని చీకటిని ఎడమకీ వెలుతురుని కుడికీ పేర్చి చూపే గ్రాఫ్. గుట్ట నడిమధ్యన ఉంది, కుడి అంచు ఖాళీ. ఇంకేం, ఎక్స్‌పోజర్, అంటే ఫోటోకి పడాల్సిన వెలుతురు, కుదిరిందనుకున్నా. ఇంటికొచ్చి ఫోటోలు సరిదిద్దే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్లో తెరిస్తే కాయకి ముడత లేదు, నిగారింపు లేదు. కుంకుమ పోసినట్టు ఒకటే ఎరుపు.

రెండు రాత్రులు తల పట్టుకున్నాక తెలిసింది. నేను చూసింది మొత్తం వెలుతురు చూపే తెల్ల గ్రాఫ్. అందులో ఆకుపచ్చకి ఉన్న బరువులో ఎరుపుకి దాదాపు సగమే. ఎరుపు ఒక్కటీ కుడి గోడకి గుద్దుకుంటున్నా అక్కడ కనపడదు. మూడు రంగులూ విడివిడిగా చూపించే గ్రాఫ్ మెనూలో ఎప్పట్నుంచో ఉంది, నేనే పెట్టుకోలేదు.

అలా గోడకి గుద్దుకోవడాన్నే క్లిప్పింగ్ అంటారు. కుళాయి కింద బిందె నిండిపోవడం లాంటిదే. ఆ పైన పడిన నీళ్లకి లెక్కుండదు. జేపెగ్‌లో, అంటే మామూలుగా మనం చూసే ఫోటో ఫైల్లో, 255 దగ్గర బిందె నిండుతుంది. ముడత పైభాగమూ 255, పల్లమూ 255 అయితే ఇక ముడత ఎక్కడిది?

ఇక్కడే ఇంకో తిరకాసు. కెమెరా చూపించే గ్రాఫ్ రా ఫైలుది, అంటే వెలుతురు పట్టే సెన్సర్ ఇచ్చిన ముడి ఫైలుది కాదురా, అది లోపల తయారుచేసుకున్న జేపెగ్‌ది. జేపెగ్‌లో ఒక్కో రంగుకి 256 మెట్లయితే 14 బిట్ల రా ఫైల్లో 16,384. పైగా ఎండ బంగారంలా కనపడాలని రంగుల ఛాయ సర్దే వైట్ బ్యాలెన్స్ పసుపు వైపు జరిపి, ఎరుపుని ఇంకాస్త హెచ్చవేసింది నేనే! దాన్ని వెనక్కి జరిపి, ఎక్స్‌పోజర్ ముప్పావు స్టాప్ (ఒక స్టాప్ తగ్గిస్తే వెలుతురు సగమవుతుంది) తగ్గిస్తే చాలా కాయలకి ముడతలు లేచొచ్చాయి. కొన్నిటికి రాలేదు. అవి సెన్సర్ దగ్గరే నిండిపోయినవి. ఒక రంగు పోతే మిగతా రెంటినీ చూసి సాఫ్ట్‌వేర్ ఏదో అల్లుతుంది. మూడూ పోతే చేసేదేం లేదు.

లైట్‌రూమ్‌లో ఆల్ట్ కీ నొక్కి పట్టుకుని, బాగా వెలుగున్న చోట్లని సర్దే వైట్స్ స్లైడర్ జరిపి చూడు. తెరంతా నల్లబడి, నిండిపోయిన చోట్లు మాత్రం ఆ రంగుతో వెలుగుతాయి.

అన్నట్టు, సంక్రాంతికి నువ్వు తీసిన ప్రకాశం బ్యారేజీ ఫోటోలో సూర్యుడు క్లిప్ అయ్యాడని బాధపడకు. ఆయన కాకపోతే ఇంకెవరవుతారు? హైలైట్స్, అదే వెలుగు భాగాల్ని, మరీ కిందికి లాగేసి ఆయన్ని అరిగిన రూపాయి బిళ్ళ చేశావు. గేట్ల కింద నీడల్ని కూడా అంత ఎత్తకు. అక్కడ పడిందే కాస్త వెలుతురు, ఎత్తితే నాయిస్, అదే ఇసక చల్లినట్టుండే చుక్కలు, పైకొస్తుంది. నేనూ ఓసారి చేసి చూస్తా, ఆ రా ఫైలు పంపు. జేపెగ్ వద్దు.

నీ
గుంటూరోడు