డిసెంబర్‌లో పొమ్మన్నావు, జూన్‌లో ఎందుకు పంపారన్నావు

జూన్ 2025

కన్నా,

ఫోన్‌లో నన్ను ఒక్క మాట పూర్తి చెయ్యనివ్వలేదు, అందుకే రాస్తున్నాను. మీ ఫుట్‌బాల్ జట్టు టాటెనమ్ మేనేజర్ని, అంటే కోచ్ పోస్టెకోగ్లూని, తీసేశారని నీకు ఒళ్లు మండిపోతోంది. పదిహేడేళ్ల తర్వాత టాటెనమ్‌కి కప్పు తెచ్చినవాణ్ని పదహారు రోజులకే ఇంటికి పంపుతారా, వీళ్లకసలు విశ్వాసం ఉందా అని అరిచావు. నిజమే, మే 21న బిల్బావోలో యూరోపా లీగ్ కప్పు, జూన్ 6న ఉద్వాసన. కానీ నాకింకో రాత్రి కూడా గుర్తుంది. డిసెంబర్‌లో బోర్న్‌మత్ చేతిలో ఓడినప్పుడు ఇదే గొంతుతో, ఇంత కోపంగానూ, "ఇంకా ఎందుకు ఉంచుకున్నారమ్మా ఈయన్ని?" అని అడిగావు.

దెప్పుతున్నానని అనుకోకు. సరే, కొంచెం దెప్పుతున్నాను. ఆర్సెనల్ అభిమాని కడుపున పుట్టి టాటెనమ్‌ని పట్టుకున్నావు, ఆ మాత్రం హక్కు నాకుంది. అయితే ఆ రెండు రాత్రులూ నువ్వన్నదాంట్లో న్యాయం ఉందనే నా అభిప్రాయం. అదెలాగో చెప్తాను, ఈసారి అడ్డు రాకుండా విను.

ముందు ఆ సీజన్ సంగతి. అక్టోబర్ చివర్లో అప్పటిదాకా ఒక్క మ్యాచ్ కూడా నెగ్గని క్రిస్టల్ ప్యాలెస్‌కి తొలి గెలుపు ఇచ్చింది మీవాళ్లే. వారం తిరక్కుండా ఆస్టన్ విల్లాని 4-1తో చిత్తు చేశారు. ఆ తర్వాతి వారం సొంత మైదానంలో ఇప్స్‌విచ్‌కి కూడా తొలి గెలుపు దానం చేశారు. ఇక వీళ్లింతే అని నువ్వు చేతులు దులుపుకునేలోపే, లీగ్‌లో వరసగా నాలుగుసార్లు ఛాంపియన్లయిన మాంచెస్టర్ సిటీని వాళ్లింటికెళ్లి 4-0తో కొట్టొచ్చారు. డిసెంబర్ మరీ చోద్యం. చెల్సీ మీద రెండు గోల్స్ ఆధిక్యం తీసుకుని 3-4తో ఓడారు. సౌతాంప్టన్‌ని 5-0తో కొడితే ఆ రాత్రే వాళ్ల మేనేజర్ ఉద్యోగం ఊడింది. ఆ మరుసటి వారాంతం లివర్‌పూల్ మీవాళ్ల గోల్‌లో ఆరు వేసి వెళ్లింది.

ఎప్పుడూ ఓడే జట్టుని ప్రేమించడం ఇంతకన్నా తేలిక. అక్కడ ఆశ ఉండదు, మనిషి సర్దుకుపోతాడు. చెయ్యగలరని కళ్లారా చూపించి, వారం తిరిగేసరికి చేతులెత్తేసే జట్టే మనిషిని పిచ్చెక్కిస్తుంది. సిటీని నాలుగు కొట్టినవాళ్లు ఇప్స్‌విచ్‌ని ఒక్కటి ఎక్కువ కొట్టలేరా అన్న ప్రశ్నకి ఏ అభిమాని దగ్గరా జవాబుండదు. జవాబు దొరక్కపోతే కళ్లు మైదానం అంచున నిలబడ్డ మేనేజర్ మీదికే వెళ్తాయి. ఆటగాళ్లు పాతికమంది, వాడొక్కడు. పైగా కెమెరా గోల్ పడ్డ ప్రతిసారీ వాడి మొహమే చూపిస్తుంది.

నువ్వు లెక్కలు ఇష్టపడతావు కాబట్టి ఒక లెక్క. ఆ సీజన్‌లో టాటెనమ్ లీగ్‌లో కొట్టిన గోల్స్ 64. నాలుగో స్థానంలో నిలిచి ఛాంపియన్స్ లీగ్‌కి వెళ్లిన చెల్సీ కొట్టినవీ సరిగ్గా 64. రెండో స్థానంలో ఉన్న మా ఆర్సెనల్ 69. మీవాళ్లు తిన్నవి 65. అంటే కొట్టినదానికీ తిన్నదానికీ తేడా ఒక్కటంటే ఒక్క గోల్. ఆ లెక్క చూస్తే పట్టిక మధ్యలో ఎక్కడో ఉండాల్సిన జట్టు. తేలింది మాత్రం 38 పాయింట్లతో 17వ స్థానంలో, 22 ఓటములతో. గెలిస్తే నాలుగైదు కొట్టి గెలవడం, ఓడితే చాలాసార్లు ఒక్క గోల్ తేడాతో ఓడటం. ఐదు గోల్స్‌తో గెలిచినా వచ్చేవి మూడు పాయింట్లే కదరా.

ఇందులో కొంత దురదృష్టం ఉంది. డిఫెండర్లు రొమేరో, వాన్ డె వెన్ ఇద్దరూ నెలల తరబడి గాయాలతో కూర్చున్నారు. ఆ సిటీ మ్యాచ్‌లోనే గోల్‌కీపర్ వికారియో చీలమండ విరిగింది, విరిగిన కాలితోనే ఆట చివరిదాకా నిలబడ్డాడు. పద్దెనిమిదేళ్ల ఆర్చీ గ్రేని, మిడ్‌ఫీల్డర్ కుర్రాణ్ని, డిఫెన్స్ మధ్యలో సెంటర్ బ్యాక్‌గా నిలబెట్టాల్సి వచ్చింది. అయితే అంతా దురదృష్టమే అని నన్ను నమ్మించకు. డిఫెన్స్‌ని సగం మైదానం దాకా జరిపి ఆడించే మేనేజర్‌కి, వెనక్కి పరిగెత్తి బంతిని అందుకోగల డిఫెండర్లు లేనప్పుడు ఆ ఆటని కాస్త సడలించాలన్న ఇంగితం ఉండాలి. ఆయన మొండిఘటం. 2023లో చెల్సీ మీద తొమ్మిదిమందే మిగిలినా డిఫెన్స్‌ని వెనక్కి జరపలేదు, 1-4తో ఓడాడు. ఆ రోజు నువ్వు చప్పట్లు కొట్టావు. నేను టీవీ ముందు తల పట్టుకున్నాను.

అదే మనిషి ఫైనల్లో ఏం చేశాడో చూశావుగా? బ్రెనన్ జాన్సన్ గోల్ పడ్డాక జట్టు మొత్తాన్ని తమ గోల్ ముందు గోడలా నిలబెట్టాడు. గోల్ గీత మీదనుంచి వాన్ డె వెన్ బంతిని గాల్లోకెగిరి తన్నేశాడు. బంతి ఎక్కువసేపు మాంచెస్టర్ యునైటెడ్ దగ్గరే ఉంది, కప్పు మాత్రం మీవాళ్లకి దక్కింది. పదేళ్లు ఆ చొక్కా తొడిగి ఒక్క ట్రోఫీ కూడా ఎత్తని సన్ హ్యూంగ్‌మిన్ దాన్ని పైకెత్తినప్పుడు నాకే కళ్లు చెమర్చాయి. ఈ మాట ఇంకెవరికీ చెప్పకు. నాకు మిగిలిన ప్రశ్న ఒకటే: అలా ఆడటం వచ్చినవాడు, ఇప్స్‌విచ్ మీద ఎందుకు ఆడించలేదు?

కాబట్టి తీసెయ్యడం తప్పని నేననను. లీగ్‌లో 38 మ్యాచ్‌లలో 22 ఓడిన మేనేజర్‌ని ఏ క్లబ్బూ ఉంచుకోదు. అడుగున నిలిచి కింది లీగ్‌కి పడిపోయిన మూడు జట్లూ మరీ బలహీనం కావడం వల్ల బతికిపోయారు, 18వ స్థానంలో ఉన్న లెస్టర్‌కి వచ్చినవి 25 పాయింట్లే. అయినా నీకు ఏడుపొచ్చిందంటే అదీ తప్పు కాదు. అభిమాని డిసెంబర్‌లో ఒకటి, జూన్‌లో ఒకటి కోరుకోవచ్చు. నీకెవరూ జీతం ఇవ్వట్లేదు, నీ మాటకి నిలకడ ఉండాలని ఒప్పందమేమీ లేదు. నిలకడ ఉండాల్సింది క్లబ్బు నడిపేవాళ్లకి. నేను ఫోన్‌లో చెప్పబోయింది ఇదే.

ఒక్కసారి వెనక్కి చూడు. 2008 ఫిబ్రవరిలో హువాండే రామోస్ లీగ్ కప్ గెలిచాడు, అక్టోబర్‌లో పంపేశారు. పోచెట్టినో 2019 జూన్‌లో జట్టుని ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ దాకా తీసుకెళ్లాడు, నవంబర్‌లో ఇంటికి. ఆ మర్నాడే మొరీన్యో వచ్చాడు. 2021 ఏప్రిల్‌లో లీగ్ కప్ ఫైనల్ ఆరు రోజుల్లో ఉందనగా ఆయన్నీ తీసేశారు. ఫైనల్‌కి జట్టుని నడిపింది ఇరవై తొమ్మిదేళ్ల ర్యాన్ మేసన్. కప్పుల కోసమే పేరుమోసిన మేనేజర్‌ని తెచ్చుకుని, కప్పు ఎదురుగా కనిపిస్తున్న వారంలో వదిలించుకున్న క్లబ్బు ఇంకొకటి చూపించు నాకు. తర్వాత నూనో, పది లీగ్ మ్యాచ్‌లకే సరి. తర్వాత కాంటే, సౌతాంప్టన్‌తో 3-3 అయిన రోజు విలేకరుల ముందు ఆటగాళ్లనీ క్లబ్బునీ కలిపి దులిపేసి కొద్దిరోజులకే వెళ్లిపోయాడు.

ఇప్పుడు వీళ్ల ఆటలు పక్కపక్కన పెట్టు. పోచెట్టినోది ముందుకెళ్లి ఎదుటివాడి గొంతు మీద కూర్చునే ఆట. మొరీన్యో, నూనో వెనక కాచుకుని అదను చూసి దెబ్బ కొట్టేవాళ్లు. కాంటేకి వెనక ముగ్గురు డిఫెండర్లు, అంచుల్లో వింగ్‌బ్యాక్‌లు కావాలి. ఆ జట్టుని తీసుకెళ్లి ఎటాక్ తప్ప ఇంకోటి ఎరగని పోస్టెకోగ్లూ చేతిలో పెట్టారు, ఆయన మొదటి సీజన్ మొదలయ్యే నాటికి హ్యారీ కేన్‌ని బయర్న్‌కి అమ్మేసి మరీ. అయినా ఆయన మొదటి పది మ్యాచ్‌లలో 26 పాయింట్లు తెచ్చాడు, గుర్తుందా? ఒకడి కోసం కొన్న ఆటగాడు ఇంకొకడికి పనికిరాడు. మూడోవాడు వచ్చేసరికి సగం జట్టు ఎవరి కాలం నాటిదో వాళ్లకే తెలీదు. వారానికో రకంగా ఆడుతున్నారని నువ్వు మొత్తుకుంటున్నావే, ఆ నిలకడలేనితనం మైదానంలో పుట్టింది కాదు నాన్నా. అది డైరెక్టర్ల గదిలో పుట్టి మెట్లు దిగి వచ్చింది. ఈ మార్పులన్నీ జరిగింది 2001లో ఛైర్మనైన డానియల్ లెవీ హయాంలోనే. ఆయన వేతనాలు అదుపులో పెట్టాడు, 62 వేలమంది పట్టే అద్భుతమైన స్టేడియం కట్టాడు, అది కాదనను. కానీ ఎలాంటి ఆట ఆడే క్లబ్బు కావాలో ఆయనెప్పుడూ ఒక మాట మీద ఉన్నట్టు నాకు కనపడలేదు.

అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, పైవాళ్ల మీద చూపాల్సిందంతా మనం మేనేజర్ మీద చూపిస్తాం. బోర్డులకి ఇది బాగా తెలుసు. స్టేడియం గోల చెయ్యడం మొదలుపెట్టగానే ఒక మనిషిని బయటికి తోస్తే, కొన్ని నెలలు మనం నోరు మూసుకుంటాం. కొత్తవాడొచ్చాక నాలుగు గెలుపులు కూడా వస్తాయి. డచ్ లీగ్‌లో 1986 నుంచి 2004 దాకా జరిగిన మేనేజర్ల మార్పులని బాస్ టెర్ వీల్ అనే ఆర్థికవేత్త పరిశీలించాడు. మేనేజర్‌ని తీసేసిన జట్లూ, అంతే ఘోరంగా ఆడుతూ కూడా తియ్యని జట్లూ దాదాపు ఒకేలా కోలుకున్నాయట. పాతాళానికి పడ్డాక పైకి రావడం తప్ప దారి ఉండదు, ఆ ఘనత మాత్రం కొత్తవాడి ఖాతాలో పడుతుంది. అందరూ అలాగే అనను. టూహెల్ 2021 జనవరిలో చెల్సీకి వచ్చి మేలో ఛాంపియన్స్ లీగ్ గెలిచాడు. అలాంటిది ఒకటి జరిగితే చాలు, ఇరవై క్లబ్బులు దాన్నే కలగంటాయి.

మా ఆర్సెనల్‌లోనూ ఈ గోల ఉండేది. 2017 మార్చిలో వెస్ట్ బ్రామ్ మైదానం మీద రెండు విమానాలు ఎగిరాయి. ఒకటి మా మేనేజర్ వెంగర్ పోవాలని, ఇంకొకటి ఆయన్నే నమ్ముకున్నామని బ్యానర్లు లాక్కుంటూ వచ్చాయి. కింద ఆర్సెనల్ 3-1తో ఓడింది. ఆయన వెళ్లడం అవసరమేనని నేనిప్పటికీ అంటాను. కానీ పోవాలన్నవాళ్లలో ఎవర్ని అడిగినా తర్వాత ఎవరు, ఏ ఆట కోసం అన్నదానికి జవాబు ఉండేది కాదు. వెళ్లాక మేం ఎమెరీ చేతిలో ఏడాదిన్నర గడిపాం, ఆర్టెటా వచ్చాక వరసగా రెండుసార్లు ఎనిమిదో స్థానంలో నిలిచాం. 2021లో మొదటి మూడు మ్యాచ్‌లూ ఓడి పట్టిక అడుగున పడ్డాం. అప్పుడు బోర్డు ఎందుకో గానీ కదల్లేదు. ఆయన ఎలాంటి జట్టు కడుతున్నాడో వాళ్లకి తెలుసు, అదే తేడా అనుకుంటాను. మొన్నటితో మూడేళ్లు వరసగా రెండో స్థానం. (నవ్వకు. 17 కన్నా 2 మెరుగే.)

కోపం చల్లార్చుకోమని నేనెప్పుడూ చెప్పను. అభిమానుల కోపం ఎంత పనిచేస్తుందో నీ క్లబ్బుకే తెలుసు. 2021 ఏప్రిల్‌లో పన్నెండు క్లబ్బులు సూపర్ లీగ్ అని సొంత కుంపటి పెట్టుకోబోతే, అందులో టాటెనమ్ కూడా ఉంటే, జనం రోడ్డు మీదికొచ్చారు. రెండు రోజుల్లో ఇంగ్లండ్ క్లబ్బులు ఆరూ తోక ముడిచాయి. గమ్మత్తేమిటంటే, మొరీన్యోని తీసేసింది సూపర్ లీగ్ ప్రకటించిన మర్నాడే. మరుసటి రోజు పేపర్లలో ఏది పెద్ద వార్త అయ్యుండాలనుకున్నారో నువ్వే ఊహించుకో.

మనిషికి మొహం మీద చెప్పడం వేరు, దాన్నీ నేను తప్పుపట్టను. బోర్న్‌మత్ మ్యాచ్ అయ్యాక పోస్టెకోగ్లూ మీవాళ్లున్న స్టాండ్ దగ్గరికి నడిచెళ్లి వాళ్ల తిట్లు నిలబడి విన్నాడు. 2015 ఫిబ్రవరిలో జర్మనీ క్లబ్బు డోర్ట్‌మండ్ లీగ్‌లో ఆఖరి స్థానానికి పడితే, హుమ్మెల్స్, గోల్‌కీపర్ వైడెన్‌ఫెల్లర్ కంచె దగ్గరికెళ్లి అభిమానులతో మాట్లాడారు. అక్కడ మేనేజర్ క్లాప్‌ని పొమ్మనలేదు, సీజన్ ఏడో స్థానంలో ముగిసింది. అలాంటి కోపం ఎదురెదురుగా నిలబడుతుంది. పేరు దాచుకుని ఒక కుర్ర డిఫెండర్ ఫొటో కింద బూతులు రాసేది మాత్రం వేరే జాతి. నీ స్నేహితుల్లో అలాంటివాళ్లుంటే, నేను ఇలా అన్నానని చెప్పు.

ఇప్పుడు బ్రెంట్‌ఫర్డ్ నుంచి థామస్ ఫ్రాంక్ వస్తున్నాడు. మంచివాడు, ఎదుటి జట్టుని చూసి ఆట మార్చుకునే తెలివైనవాడు. చిన్న క్లబ్బుని పై లీగ్‌కి తెచ్చి నిలబెట్టాడు. అంటే మళ్లీ ఇంకో రకం ఆట. వచ్చే నవంబర్‌కల్లా నువ్వు ఈయన్నీ పొమ్మంటావని నా పందెం. అప్పుడు నాకు ఫోన్ చేస్తే నేనడిగేవి రెండే: ఈయనకి కావలసిన ఆటగాళ్లని కొన్నారా? కొనకపోతే నీ కోపం ఎవరి మీద?

ఆగస్టు 13న ఉదినేలో పారిస్ సాంజెర్మాన్‌తో సూపర్ కప్ ఉంది, ఈసారి ఛాంపియన్స్ లీగ్ కూడా ఆడతారు. అదంతా ఆ వెళ్లగొట్టిన మనిషి పెట్టిన భిక్షే. మన రెండు జట్లూ తలపడే ఉత్తర లండన్ డెర్బీ రోజు మాత్రం మ్యాచ్ అయ్యేదాకా నువ్వు నా కొడుకువి కాదు. అయ్యాక, ఎవరు గెలిచినా, ఫోన్ చెయ్యి.

అమ్మ