చెత్తకూ మట్టి పరీక్ష చేయించండి

పురపాలక శాఖ మంత్రిగారికి,

నమస్కారం. మట్టి పరీక్షల ల్యాబులో పనిచేసి రిటైరైనవాణ్ణి. మా ఊరి డంపింగ్ యార్డులో ష్రెడర్ పెట్టి, చెత్తను ముక్కలు చేసి, రోలర్‌తో తొక్కించి పేరుస్తారట. మంచిదే. స్థలం కలిసొస్తుంది, గుట్ట ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ కుంగదు. నా టెన్షనంతా ఆ గుట్ట వాలు గురించే.

డిజైన్ కాగితాలు అడిగితే చూపించారు. ఘనపు మీటరుకు ఇన్ని కిలోలు, ఘర్షణ కోణం (చెత్త జారకుండా ఎంత పట్టుకుంటుందో చెప్పే లెక్క) ఇన్ని డిగ్రీలు అని రాసుంది. ఎక్కడ పరీక్షించారంటే పుస్తకంలోంచి తీసుకున్నామన్నారు. కాగితాలు, అట్టపెట్టెలు ఎక్కువుండే విదేశీ చెత్త లెక్కలవి. మన చెత్తలో సగానికి సగం కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, కొబ్బరి బోండాలు. పిండితే నీళ్లు కారతాయి.

మొన్న యార్డులో జేసీబీ తవ్విన గోతి గోడలోంచి ఒక పాత చీర అంచు వేలాడుతోంది. లాగాను, రాలేదు. డ్రైవర్ కూడా చెయ్యి వేశాడు, అయినా రాలేదు. గుట్ట నిలబడేది కొంతవరకు ఇలాంటి గుడ్డల వల్ల, క్యారీబ్యాగుల వల్లే. మట్టిగోడకు గడ్డి కలిపి తొక్కుతారు చూడండి, అలాగన్నమాట. ఆ గడ్డిని పొట్టు చేసి కలిపితే గోడకు అదే బలం వస్తుందా? ష్రెడర్ ఆ గుడ్డలకు చేసేదీ అదే. పట్టంతా పోతుందని అనను. ఎంత పోతుందో కొలవాలంటాను.

నీళ్ల సంగతి ఇంకా ముఖ్యం. గట్టిగా తొక్కినకొద్దీ, పై బరువు పెరిగినకొద్దీ నీళ్లు కిందికి దిగడం కష్టమవుతుంది. చెత్తలోంచి ఊరే ఆ నల్లనీళ్లు లోపలే నిలిచి ఒత్తిడి పెంచితే చెత్త పొరల మధ్య పట్టు సడలుతుంది. 2017 సెప్టెంబర్ 1న ఢిల్లీ ఘాజీపూర్ గుట్ట వానల తర్వాతే కూలింది, ఇద్దరు పోయారు. అదే ఏడాది ఏప్రిల్ 14న కొలంబోలో మీతొటముల్ల గుట్ట ఇళ్ల మీద పడి 32 మంది చనిపోయారు. అవి పద్ధతిగా పేర్చినవి కావు, నిజమే. కానీ చెత్త కూడా మట్టిలాగే జారుతుందని అక్కడ తెలిసింది.

మట్టిని పక్కకు తోసి ఎంత బలానికి జారుతుందో చూసే పెట్టెను షియర్ బాక్సు అంటారు. మట్టికి వాడే 6 సెంటీమీటర్ల షియర్ బాక్సులో ఒక చెప్పు ముక్క పెడితేనే నిండిపోతుంది. 30 సెంటీమీటర్ల బాక్సు కావాలి. మన ష్రెడర్‌లోంచి వచ్చిన చెత్తనే, మన వానాకాలపు తడితోనే పరీక్షించమనండి. గుట్టలో నీటిమట్టం చూడటానికి నాలుగు పైపులు దింపించండి. ఫలితాలు వచ్చేదాకా వాలు అనుమతి ఆపండి.

నమూనా తీసే రోజు కబురు పెడితే నేనూ వస్తాను. గమ్‌బూట్లు నావే ఉన్నాయి.

ఇట్లు,
యార్డు పక్క కాలనీవాసి