అడుగున మిగిలిన మైనం తెచ్చివ్వండి, కొన్ని షరతులున్నాయి

పండగలు అయ్యాక మాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న: కొవ్వొత్తి గ్లాసు అడుగున వేలి మందాన మైనం మిగిలిపోయింది, డబ్బు దండగే కదా? కొంత దండగే. అయినా 1 సెంటీమీటరు ఉండగానే ఆర్పేయమని మేమే చెబుతాం. ఆ పొర కూడా కరిగిపోతే మంట వేడి నేరుగా అడుగుకు తగిలి గాజు పగలొచ్చు.

ఈ నెల నుంచి ఆ గ్లాసులు వెనక్కి తీసుకుంటున్నాం. ఒక్కోదానికి మీరు తర్వాత కొనే కొవ్వొత్తిలో 20 రూపాయలు తగ్గిస్తాం. ఆ మైనాన్ని కొత్త సువాసన కొవ్వొత్తుల్లో మాత్రం కలపం. అందులో అప్పటికే ఎంత ఫ్రాగ్రెన్స్ ఆయిల్ (వాసన కోసం కలిపే నూనె) ఉందో తెలియదు. దాని మీద మళ్లీ 100 గ్రాములకు 6–8 గ్రాములు పోస్తే మైనం పట్టుకోలేక పైన చెమట పట్టినట్టు నూనె తేలుతుంది, మంట పొగ చిమ్ముతుంది. అందుకే పాత మైనం రేకు డబ్బాల్లో, కొత్తగా వాసనేదీ కలపకుండా విడిగా అమ్ముతాం. ఎరుపు, ఆకుపచ్చ, ఊదా కలిస్తే వచ్చేది బురద రంగే కాబట్టి చూడ్డానికి అందంగా ఉండవు. కరెంటు పోయినప్పుడు అక్కరకొస్తాయి.

జెల్ కొవ్వొత్తులు, క్రేయాన్లు కరిగించి రంగు వేసినవి తీసుకోం. క్రేయాన్‌లోని రంగుపొడి వత్తి పోగుల్లో ఇరుక్కుని మైనాన్ని పైకి ఎక్కనివ్వదు. మంట చిన్నదైపోయి కాసేపటికే కొండెక్కుతుంది.

ఇంట్లోనే మళ్లీ పోసుకోవాలనుకుంటే, గ్లాసును రెండు గంటలు ఫ్రీజర్‌లో పెట్టండి. మైనం కుంచించుకుని చాలావరకు ఊడొస్తుంది. చల్లటి గ్లాసును వెంటనే వేడినీళ్లలో ముంచకండి, చిట్లుతుంది. రకాలను విడిగా ఉంచండి: గోటితో గీస్తే వెన్నలా లేచేది సోయా మైనం, టక్కున విరిగేది పారాఫిన్ మైనం. స్టీలు గిన్నెలో వేసి, వేడినీళ్లున్న మరో గిన్నెలో పెట్టి సన్నని సెగ మీద 75–80 డిగ్రీల దాకా కరిగించండి. నేరుగా పొయ్యి మీద వద్దు. ఒకవేళ మైనం అంటుకుంటే స్టవ్ కట్టేసి మూత పెట్టాలి, నీళ్లు మాత్రం చల్లకూడదు. కరిగాక పాత నూలు పంచె ముక్కను రెండు మడతలేసి వడకట్టండి. మాడిన వత్తి ముక్క, అగ్గిపుల్ల తల ఒక్కటి మిగిలినా అది రెండో వత్తిలా అంటుకుంటుంది. నీటి చుక్కలు పడితే కొవ్వొత్తి చిటపటలాడి ఆరిపోతుంది. నీరు అడుగుకు దిగుతుంది కాబట్టి, కాసేపు కదపకుండా ఉంచి చివరి చెంచాడు వదిలేసి పోయండి. దాన్ని సింకులో పారబోయకండి, గొట్టంలో గడ్డకడుతుంది.

ఎంత మైనం కావాలో ముందే తెలియాలంటే గ్లాసులో కావలసిన గీత దాకా నీళ్లు పోసి కొలవండి. 200 మిల్లీలీటర్లు పడితే మైనం 180 గ్రాములు చాలు, 0.9తో గుణించడమే. తర్వాత గ్లాసును తడి లేకుండా తుడవాలి.

అసలు కష్టమంతా వత్తి దగ్గరే. దేవుడి దీపానికి చేసే పత్తి వత్తి వేయొచ్చా అని అడుగుతుంటారు. ప్రమిదలో వత్తిని ఎగదోసేది, కొడి (మాడిన వత్తి కొన) దులిపేది మనం. కొవ్వొత్తిలో ఆ పని వత్తి తనే చేసుకోవాలి. జడలా అల్లిన వత్తి కొన కాలేకొద్దీ పక్కకు వంగి మంట అంచుకు చేరుతుంది, అక్కడ గాలి తగిలి బూడిదవుతుంది. చేత్తో నులిమిన పత్తి నిటారుగా నిలబడి కొడి కట్టి పొగ చిమ్ముతుంది. 1820ల్లో ఫ్రాన్స్‌లో కాంబసెరెస్ అనే ఆయన అల్లిక వత్తి తెచ్చేదాకా అక్కడివాళ్లు కూడా కత్తెర పట్టుకుని కొడి కత్తిరించుకునేవారు.

వత్తి మందాన్ని నిర్ణయించేది గ్లాసు ఎత్తు కాదు, వెడల్పు. 7 సెంటీమీటర్ల వెడల్పు గ్లాసుకు వత్తుల కంపెనీ చార్టులో చెప్పిన వత్తి నంబరు, దాని కిందిది, పైది, మూడూ కొనండి. ఒక కంపెనీ నంబరు ఇంకో కంపెనీకి సరిపోదు. ఒకే మైనం మూడు గ్లాసుల్లో పోసి, రెండు రోజులు ఆగి, వత్తులు 6 మిల్లీమీటర్లకు కత్తిరించి నాలుగు గంటలు వెలిగించండి. గంటలోనే అంచు దాకా కరిగితే లావు ఎక్కువ. కిందికి దిగేకొద్దీ గ్లాసులో వేడి పెరుగుతుంది కాబట్టి ఆ వత్తి అడుగున ప్రమాదం. నాలుగు గంటలకు అంచున పల్చటి పొర మిగిలితే కంగారు పడకండి, సగానికి దిగాక అదీ కరుగుతుంది. మధ్యలో బావిలా దిగిపోతేనే సన్నమని అర్థం. పాత మైనాల మిశ్రమానికి ప్రతిసారీ ఈ పరీక్ష తప్పదు.

ఇక మా తప్పు. గత విడత మల్లె కొవ్వొత్తుల్లో ఫ్రాగ్రెన్స్ ఆయిల్ మార్చి, వత్తి మాత్రం పాత నంబరే వేశాం. నూనె మారితే వత్తినీ మళ్లీ పరీక్షించాలి, చేయలేదు. మీ దగ్గరున్నది బావిలా దిగుతుంటే గ్లాసు మూతికి అల్యూమినియం ఫాయిల్ చుట్టి, మధ్యలో 3 సెంటీమీటర్ల రంధ్రం వదిలి, దగ్గరే ఉండి గంటసేపు వెలిగించండి. ఫాయిల్ బాగా వేడెక్కుతుంది, వెంటనే చేత్తో తీయకండి. అప్పటికీ అంచు కరగకపోతే తెచ్చివ్వండి, కొత్తది ఇస్తాం. గ్లాసు కడగక్కర్లేదు, అగ్గిపుల్లలు మాత్రం ఏరేసి తెండి.