మూడున్నర అలారం: కొన్ని కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. ఈ పోస్టు రాయాలని ఏడాదిగా అనుకుంటూ వాయిదా వేస్తున్నాను. మొన్న రాసి మా అమ్మాయికి చూపించాను. రెండు వాక్యాలు కొట్టేసింది. ఒక చోట "ఇది అబద్ధం నాన్నా, నేను అంతసేపు ఏడవలేదు" అంది. మిగతాది పెట్టుకోమంది కాబట్టి పెడుతున్నాను.

తెలియని వాళ్ళ కోసం కొంచెం వెనక్కి వెళ్తాను. మేము ఇంగ్లండులో రెడింగ్‌లో ఉంటాం. 2024 జనవరిలో మా పెద్దమ్మాయికి అనొరెక్సియా అని తేలింది, అంటే ఒళ్ళు చిక్కిపోతున్నా లావైపోతానని భయపడి తిండి మానేసే మానసిక జబ్బు. అప్పటికి తనకి పద్నాలుగేళ్ళు. దాని గురించి నాకు తెలిసిందల్లా అది తెల్లవాళ్ళ ఇళ్ళల్లో, మోడలింగ్ పిచ్చి ఉన్న పిల్లలకి వచ్చే జబ్బని. పప్పూ నెయ్యీ తినే ఇంట్లోకి అది ఎందుకొస్తుందని ధీమా.

అలాంటి ధీమానే నాకు ఇంకోటి ఉండేది. కష్టపడటం మన సొత్తు అని. ఇంగ్లీషు వాళ్ళు గడియారం చూసి లేచిపోతారు, జర్మన్లు మరమనుషులు, గ్రీకులు మధ్యాహ్నం పడుకుంటారు, బండి లాగేది మాత్రం మనమే. ఆఫీసులో మన వాళ్ళం నలుగురం కాఫీ దగ్గర చేరితే ఇదే మాట. 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు కుర్రకారు వారానికి 70 గంటలు పనిచేయాలని, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జర్మన్లు, జపాన్ వాళ్ళు అలాగే చేశారని అన్నప్పుడు మా ఇంజినీరింగ్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో మూడు రోజులు కొట్టుకున్నాం. ఆయన తరఫున అందరికంటే గట్టిగా వాదించింది నేనే. ఆ ఊపులో మా అమ్మాయిని ఉదాహరణగా చూపించాను. పొద్దున్నే అయిదింటికి లేచి పరుగుకి వెళ్తుంది, వచ్చి చదువుకుంటుంది, ఒక్క మార్కు పోతే అన్నం ముట్టదు, "ఇది రక్తంలో ఉండాలి" అని రాశాను. ఆ మెసేజీ ఇంకా ఉంది. నేను తీసేయలేదు.

నవంబరులో కార్తీక మాసం వచ్చింది. సోమవారాలు ఉపవాసం ఉంటానంది. తెనాలి నుంచి వీడియో కాల్లో మా అత్తయ్య మురిసిపోయింది, అంత దూరంలో పుట్టిన పిల్లకి ఎంత భక్తో అని. సోమవారానికి శనివారం తోడైంది. మరోపక్క ఇంట్లో కేకులు, బిస్కెట్లు ఆపకుండా చేసేది. అందరికీ దగ్గరుండి తినిపించేది. తనని తినమంటే "ఇప్పుడే తిన్నా". ఇంట్లో హీటర్ నడుస్తున్నా రెండు స్వెట్టర్లు. మేము మురిసిపోయినవన్నీ జనవరిలో డాక్టరు ముందు కూర్చుని ఒక్కొక్కటిగా లక్షణాల కింద రాయించాం. అయిదింటి పరుగు కూడా.

ఇంతకుముందే ఒక డాక్టరుకి చూపించకపోలేదు. ఎదిగే వయసు, పరీక్షల టెన్షన్ అని పంపించారు. నెలన్నర అలా పోయింది. క్రిస్మస్ సెలవుల్లో మెట్ల మీద కళ్ళు తిరిగి కూలబడింది. ఎమర్జెన్సీకి తీసుకెళ్తే, నాడి పట్టుకున్న నర్సు ఒకసారి చూసి, మళ్ళీ చూసి, ఇంకొకరిని పిలిచింది. తిండి చాలకపోతే ఒళ్ళు గుండెని కూడా పొదుపుగా కొట్టిస్తుందని ఆ రాత్రే తెలిసింది. మొదటి కృతజ్ఞత ఆ నర్సుకి. తన పేరు కూడా అడగలేదు మేము.

ఎంత బరువు తగ్గింది, ఏం తినేది, ఏం దాచేది అనేవి ఇక్కడ రాయను. ఆ అంకెలు చదివి పోటీ పడే పిల్లలుంటారని మాకు మొదట్లోనే చెప్పారు.

ఇక్కడ పిల్లలకి ఈ జబ్బు వస్తే ముందు చేసేది కుటుంబంతో కలిపి చికిత్స. 1980లలో లండన్ మాడ్స్‌లీ ఆసుపత్రిలో మొదలైన పద్ధతి. పిల్లని ఎక్కడికో పంపించి బాగుచేయించుకోవడం కాదు, నయమయ్యేదాకా తిండి బాధ్యత తల్లిదండ్రులే తీసుకోవాలి. ఏం వండాలి, ఎంత వడ్డించాలి, ఎప్పుడు తినాలి, అంతా మన చేతిలో. రోజుకి మూడు భోజనాలు, మూడు చిరుతిళ్ళు. ప్రతిసారీ ఎవరో ఒకరు పక్కన కూర్చోవాలి. ఒళ్ళు కోలుకుంటున్న కొద్దీ పెత్తనం మెల్లగా తనకి తిరిగి ఇచ్చేయాలి. ఇదెందుకు వచ్చిందని నేను అడిగితే మా థెరపిస్టు, ఆ ప్రశ్న ఇప్పుడొద్దు, ముందు తిండే మందు అంది.

తనే మాకు మిన్నెసోటా సంగతి చెప్పింది. 1944-45లో అమెరికాలో ఆ విశ్వవిద్యాలయంలో 36 మంది ఆరోగ్యవంతులైన కుర్రాళ్ళకి, వాళ్ళ ఇష్టంతోనే, ఆర్నెల్లపాటు సగం కడుపుకి పెట్టారట. యుద్ధంలో ఆకలితో అలమటించిన వాళ్ళకి తిరిగి ఎలా తినిపించాలో తెలుసుకోవడానికి. ఆ కుర్రాళ్ళు పొద్దస్తమానం తిండి గురించే మాట్లాడేవాళ్ళు, వంట పుస్తకాలు పోగేసుకునేవాళ్ళు, చిరాకుపడేవాళ్ళు, దిగులుపడిపోయేవాళ్ళు. మా పిల్ల చేసిన కేకులన్నీ అప్పుడు నాకు అర్థమయ్యాయి. మొండితనం అనుకున్నదాంట్లో సగం ఆకలి. దీని కోసమైనా ఆ థెరపిస్టుకి జీవితాంతం రుణపడి ఉంటాను.

వినడానికి తేలికే. బల్ల దగ్గర మాత్రం నరకం. ఫిబ్రవరిలో ఒక రాత్రి గుర్తుంది. కంచంలో పప్పన్నం, మీద నెయ్యి. ఆరున్నరకి కూర్చున్నాం. తను నెయ్యి వంక చూసి ఏడ్చింది, తర్వాత అరిచింది. నన్ను అనకూడని మాటలు అంది. మాట్లాడేది తను కాదు జబ్బు అని మనసులో వంద సార్లు అనుకున్నాను. ఏడు గంటలకి అమెరికా క్లయింటుతో కాల్ ఉంది. ఫోను జేబులో మోగుతోంది. మా ఆవిడ నా వంక ఒక చూపు చూసింది. ఫోను ఆపేసి పక్కన పెట్టాను. తర్వాత మా ఆవిడ చేత్తో ముద్ద కలిపింది, చిన్నప్పుడు గోరుముద్దలు కలిపినట్టు. పద్నాలుగేళ్ళ పిల్ల కళ్ళు గట్టిగా మూసుకుని నోరు తెరిచింది. ఆ కంచం ఖాళీ అయ్యేసరికి ఎనిమిదిం పావు. మళ్ళీ తొమ్మిదింటికి పాలు.

ఈ జబ్బు ఒకరికి వస్తే ఇంటిల్లిపాదికీ వచ్చినట్టే. నేనూ మా ఆవిడా మాట్లాడుకోవడం అంటే, ఎవరు వడ్డించారు, ఎవరు లొంగిపోయారు అనే గొడవే. ఒకళ్ళు గట్టిగా ఉంటే ఇంకొకళ్ళు మెత్తబడేవాళ్ళం, ఆ సందులో జబ్బు దూరేది. చుట్టాల ఇళ్ళకి వెళ్ళడం మానేశాం. "చిక్కిపోయావేంటమ్మా", "ఇప్పుడు కాస్త ఒళ్ళు చేశావు, బాగున్నావు", రెండు మాటలూ మాకు బాంబులే. మా చిన్నోడికి అప్పుడు తొమ్మిదేళ్ళు. చికిత్సకి వాడు కూడా రావాలన్నారు. వాడెందుకు, స్కూలు పోతుంది అన్నాను నేను. థెరపిస్టు వాణ్ణి అడిగింది, ఇంట్లో భోజనాల దగ్గర ఎలా ఉంటుందని. వాడు కాసేపు కుర్చీ తిప్పుకుని, "అందరూ అక్క కంచం చూస్తారు. నాది ఎవరూ చూడరు" అన్నాడు. తర్వాత తెలిసింది, వాడు స్కూల్లో లంచ్ డబ్బా సగం పారేస్తున్నాడని. జబ్బేం కాదు, ఎవరైనా అడుగుతారేమో అని చూస్తున్నాడు. ఒరేయ్ చిన్నోడా, నీకు ఈ పోస్టులో థాంక్స్ కాదు, సారీ.

ఇక ఆఫీసు సంగతి. మా మేనేజరు జర్మన్ ఆవిడ. ఆవిడకి చెప్పడానికి నాకు మూడు వారాలు పట్టింది. పంటి డాక్టరు, కారు సర్వీసు, ఏవేవో సాకులు. బలహీనత చూపిస్తే మన వాళ్ళందరి పేరూ పోతుందని ఒక పిచ్చి భయం, ఆఫీసులో దేశం మొత్తాన్ని నేనే మోస్తున్నట్టు. చివరికి ఒకరోజు మాట్లాడుతూ మాట్లాడుతూ గొంతు పూడుకుపోయింది. ఆవిడ పూర్తిగా విని నా క్యాలెండర్ తెరవమంది. మధ్యాహ్నం 12 నుంచి 1:15, మూడున్నర నుంచి నాలుగు, సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిది. మూడు నెలలపాటు ఆ డబ్బాలు నింపేయించింది, కారణం రాయొద్దంది. అమెరికా కాల్స్ వేరేవాళ్ళకి మార్చింది. పని పూర్తి చేయడానికి రాత్రుళ్ళు కూర్చుంటానని మాటిచ్చాను. ఆవిడ నొచ్చుకున్నట్టు చూసి, "నువ్వు రాత్రి పదకొండింటికి పంపే మెయిల్స్ చూసి నీ కష్టాన్ని మెచ్చుకుంటాననుకుంటున్నావా? మన ప్లానింగ్ ఎక్కడో తప్పిందనుకుంటాను" అంది. మీ జర్మన్ల పద్ధతే వేరు అన్నాను మెప్పుగా. జర్మనీ ఏం లేదు, మా పిల్లల క్రెష్ ఆరింటికి మూసేస్తారు అంది. పదేళ్ళు నేను జాతి లక్షణం అనుకున్నది క్రెష్ టైమింగు.

అందరికంటే ఎక్కువ బాకీ పడింది మా గ్రీకు మిత్రుడికి. ఈయన్ని నేను ఎన్నేళ్ళుగానో ఆటపట్టించేవాణ్ణి, "సియస్టా (మధ్యాహ్నం కునుకు) అయిందా" అని. నవ్వేసేవాడు. ఒకసారి మాత్రం లంచ్ దగ్గర నెమ్మదిగా లెక్క చెప్పాడు. 2011లో వాళ్ళ దేశం అప్పుల్లో మునిగి ఉంటే, జర్మనీ ఛాన్సలర్ మెర్కెల్ గ్రీసు లాంటి దేశాల వాళ్ళు సెలవులు ఎక్కువ తీసుకోకూడదు, ముందుగా రిటైర్ కాకూడదు అన్నారు. అదే ఓఈసీడీ అనే ధనిక దేశాల కూటమి లెక్కల్లో చూస్తే గ్రీకు మనిషి సగటున ఏడాదికి 1,800 గంటలకి పైగా పనిచేస్తాడు, జర్మన్ మనిషి 1,400 లోపే. జర్మనీలో పార్ట్‌టైమ్ వాళ్ళు ఎక్కువ, గ్రీసులో సొంత కొట్టు నడుపుకునే వాళ్ళు ఎక్కువ. వాళ్ళ నాన్న థెస్సలోనికీలో పచారీ కొట్టు పొద్దున ఏడింటికి తెరిచి రాత్రి పదకొండుకి కట్టేసేవాడట. అంటే మా తెనాలి కొట్లు లాగే. అప్పుడు కూడా నేను నవ్వి వదిలేశాను.

ఆ మనిషి, 2024 ఫిబ్రవరి నుంచి మే దాకా నా ఆన్‌కాల్ రాత్రులన్నీ, అంటే సిస్టమ్ ఆగిపోతే లేచి చూడాల్సిన వంతులన్నీ, తన మీద వేసుకున్నాడు. అడగలేదు నేను. రోటాలో, అంటే వంతుల పట్టికలో, ఒకరోజు చూస్తే నా పేరున్న చోటల్లా అతని పేరు ఉంది. అర్ధరాత్రి సిస్టమ్ పడిపోతే లేచింది అతను. మర్నాడు నా ముందు ఆవులింతలు ఆపుకుంటూ, "ఈ రోజు ఏం తింది?" అని ఒక్కటే అడిగేవాడు. నేను చెప్పేవాణ్ణి. ఇడ్లీ అంటే ఏంటో, ఉప్మా అంటే ఏంటో అలా నేర్చుకున్నాడు.

మా అమ్మాయి స్కూల్లో లంచ్ వడ్డించే పెద్దావిడకి కూడా. ఏప్రిల్ నుంచి తను స్కూలుకి వెళ్ళడం మొదలుపెట్టాక, మిగతా పిల్లలకి అనుమానం రాకుండా రోజూ ఏదో ఒక వంకతో తన బల్ల దగ్గరే మసిలేది. సాయంత్రం ఫోన్ చేసి ఒక్క ముక్కలో చెప్పేది.

అత్తయ్య గురించి రాయకపోతే మా ఆవిడ ఊరుకోదు. విజిటర్ వీసా మీద వచ్చి ఆర్నెల్లు ఉంది. వచ్చిన రోజు దేవుడి ముందు కూర్చుని, కార్తీక ఉపవాసాలు మెచ్చుకున్నందుకు లెంపలేసుకుంది. తర్వాత వంటింట్లోకి వెళ్ళింది, ఇంక బయటికి రాలేదు. మూడున్నర చిరుతిండికి సున్నుండ, గ్లాసు పాలు ఆవిడ ఏర్పాటే. డైటీషియన్ అదేమిటని అడిగితే ఒక డబ్బా పట్టుకెళ్ళాం. మినుములు, బెల్లం, నెయ్యి అని చెప్పాం. ఆ అమ్మాయి ఒకటి తిని, చార్టులో బిస్కెట్లు కొట్టేసి సున్నుండ అని ఇంగ్లీషులో తప్పుగా రాసింది. ఆ కాగితం ఇంకా మా ఫ్రిజ్ మీద ఉంది. అత్తయ్యకి ఇంగ్లీషు రాదు, కానీ ఆ ఒక్క మాటా వేలితో చూపిస్తుంది.

ఇక్కడ ఉద్యోగం చేస్తున్న మన వాళ్ళకి ఒక సంగతి. జీతం లేని పేరెంటల్ లీవ్ ఒక్కో బిడ్డకి ఏడాదికి నాలుగు వారాల దాకా తీసుకోవచ్చు. 2024లో అయితే దానికి ఆ కంపెనీలో ఏడాది నిండాలి. మా ఆవిడ అదే వాడింది. 2024 ఏప్రిల్ 6 నుంచి సంరక్షకులకి ఏడాదికి వారం సెలవు, ఇది కూడా జీతం లేనిదే, చేరిన మొదటి రోజు నుంచే హక్కు. ఇలాంటి తిండి జబ్బుల కోసం పనిచేసే బీట్ అనే ఇక్కడి సంస్థ తల్లిదండ్రులతో మాట్లాడుతుంది. ఇండియాలో ఉన్న వాళ్ళు మొహమాటపడకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి చేయండి, తెలుగులోనే మాట్లాడతారు. మా బావమరిది వాళ్ళింట్లో అవసరమై చేశారు, అందుకే చెప్తున్నాను.

పూర్తిగా నయమైందా అంటే, అప్పుడప్పుడు బల్ల దగ్గర పాత నీడ కనిపిస్తుంది. పరీక్షలప్పుడు మళ్ళీ భయపడ్డాం. 2025 ఆగస్టులో రిజల్ట్స్ వచ్చాయి. ఎన్ని వచ్చాయో గ్రూపులో పెట్టలేదు, అడగొద్దు. పరుగుకి మళ్ళీ వెళ్తోంది, వారానికి రెండుసార్లు, ఎనిమిదింటికి, టిఫిన్ తిన్నాక. మూడున్నరకి నా ఫోన్లో అలారం ఇంకా మోగుతుంది. తీసేస్తానంటే వద్దంది.

గ్రీకు మిత్రుడికి నేను తీర్చాల్సిన రాత్రులు నా లెక్కలో ఇంకా పదకొండు. లెక్క అతని దగ్గర లేదు, నా దగ్గరే ఉంది. 2026లో వాళ్ళ ఈస్టర్ ఏప్రిల్ 12న, ఇక్కడి దానికంటే వారం ఆలస్యంగా. ఊరు వెళ్ళి వాళ్ళ నాన్నని చూసి చాలా రోజులైందట. ఆ వారమంతా రోటాలో నా పేరు ఇప్పుడే రాసేశాను, అతను చూసేలోపు.