నీ కుడిచెయ్యి ఎలా ఉంది, అమ్మడూ?

తణుకు,
శ్రావణ మాసం, మంగళవారం.

చి.ల.సౌ. అమ్మడికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ మేమంతా క్షేమం. వారం రోజులుగా వాన వదలడం లేదు. పెరట్లో కరివేపాకు చెట్టు దగ్గర నీళ్ళు నిలిచి పాచి పట్టింది. మీ అమ్మ అటు వెళ్ళకుండా రెండు ఇటుకలు అడ్డం పెట్టాను, అయినా వెళ్తూనే ఉంది. మోకాలి నొప్పి కొంచెం నయం. శుక్రవారం రాజేశ్వరి అత్త పేరంటానికి వచ్చి రాత్రి దాకా ఉంది. వ్రతం బాగా జరిగింది. తోరం కట్టుకునేటప్పుడు మీ అమ్మ రెండుసార్లు ఫోన్ వైపు చూసింది. ఏటా ఆ టైముకి నువ్వు చేస్తావు కదా. పని ఉండి ఉంటుందిలే అన్నాను.

పొద్దుటి నుంచి కరెంటు లేదు. ఊరికే నాలుగు మాటలు రాద్దామని కూర్చున్నాను. ఫోన్లో అయితే "తర్వాత చేస్తా నాన్నా" అంటావు, ఆ తర్వాత రావడం లేదు. పంతొమ్మిది రోజులైంది నీ గొంతు విని.

బుజ్జిగాడు గోడ పట్టుకుని నిలబడుతున్నాడా? ఆదివారం వచ్చిన వీడియో మీ అమ్మ ఎన్నిసార్లు చూసిందో లెక్క లేదు. నువ్వు ఉగ్గు పెడుతున్నావు, వాడు మూతి తిప్పేసుకుని నవ్వుతున్నాడు. నాలుగోసారి చూస్తూ మీ అమ్మ ఆపి, "ఇదేంటండీ, పిల్లాడికి ఎడమచేత్తో పెడుతోంది?" అంది. కళ్ళజోడు పెట్టుకుని చూశాను. నిజమే. వీడియో మొత్తంలో నీ కుడిచెయ్యి ఒక్కసారి కూడా కనపడలేదు.

ఏదో సర్దిచెప్పాను. నిన్న సూరి మామయ్య వాళ్ళ చిన్నోడు వచ్చాడు. పోయిన వారం మీ ఇంటికి వచ్చాడట కదా. "వదిన బాల్కనీలో మిషన్ పెట్టి నాయనమ్మ గారి ఉయ్యాల బల్ల గీకుతోంది మామయ్యా, చేతికి కట్టు కట్టుకుంది" అన్నాడు. ఏం కట్టురా అంటే, ఏమో, చిన్నదే అందట నువ్వు. వాడు సగం విని సగం కలిపి చెప్పే రకం. అందుకే నిన్నే అడుగుతున్నాను. ఏమైంది చేతికి?

సరే, ఆ సంగతి తర్వాత. చెక్క నున్నగా చేసే ఆ శాండర్ మిషన్ కొన్నందుకు నాకు సంతోషంగానే ఉంది. ఆడపిల్లకి ఇదెందుకు అనే మనిషిని కాదని నీకు తెలుసు. వాడు ఫోన్లో ఫోటో చూపించాడు. గుండ్రటి అడుగు, అయిదు అంగుళాల బిళ్ళ, కాగితం అంటించి పీకేసే రకం. మంచిదే కొన్నావు. అది తిరుగుతూనే అటూ ఇటూ కదులుతుంది కాబట్టి చెక్క మీద గుండ్రటి గీతలు పడవు. ఇంట్లో పని చేసుకునేవాళ్ళకి అన్నిటికన్నా నెమ్మదైన మిషన్ అదే. మా ఐటీఐలో అలాంటిది నా చివరి ఏళ్ళలో వచ్చింది. అంతకుముందంతా ఉప్పు కాగితం చెక్కముక్కకి చుట్టి, భుజం పడిపోయేదాకా రుద్దడమే.

నేను పాఠం చెప్పబోవడం లేదు. రెండు మాటలు.

మిషన్ని నొక్కకు. దాని బరువే దానికి చాలు. నొక్కితే బిళ్ళ తిరగడం తగ్గిపోయి చెక్క మీద చిన్న చిన్న సుడులు పడతాయి, మోటారు వేడెక్కుతుంది, నీ చెయ్యి తిమ్మిరెక్కుతుంది. బిళ్ళ అంచు మీద పెన్సిల్‌తో ఒక గీత గీసి పెట్టుకో. పని చేస్తున్నప్పుడు ఆ గీత తిరగడం కంటికి ఆనుతూ ఉండాలి. ఆనకపోతే నొక్కుతున్నావని అర్థం. ముందు 80 నంబరు కాగితం, తర్వాత 120, తర్వాత 180, చివర 220. తొందరపడి మధ్యలో ఒకటి వదిలేస్తే ముందు కాగితం గీతలు పాలిష్ వేశాక బయటపడతాయి. కాగితానికున్న కన్నాలు బిళ్ళ కన్నాలకి సరిగ్గా కలవాలి. దుమ్మును లోపలికి లాగేది ఆ కన్నాల్లోంచే. ఆన్ చేసేటప్పుడు మిషన్ చెక్క మీద ఆనించి ఉంచు, గాల్లో ఆన్ చేసి దించితే గుంట పడుతుంది. ఆపాక పూర్తిగా ఆగేదాకా కింద పెట్టకు.

కాగితం మార్చేటప్పుడు ప్లగ్గు తీస్తున్నావా? స్విచ్ ఆపడం కాదు, ప్లగ్గు తీసి నీ కళ్ళ ఎదుట పెట్టుకోవాలి. చెయ్యి అలాగే దెబ్బతిందా? ఆ గాయం కత్తిగాటు లాంటిది కాదమ్మా. చర్మం పొర లేచిపోతుంది, పచ్చి మీద రంగు పొడి, కర్రదుమ్ము ఇరుక్కుపోతాయి. పైకి చిన్నదిగానే కనపడుతుంది. సబ్బునీళ్ళతో బాగా కడిగావా? టీటీ ఇంజెక్షన్ వేయించుకున్నావా? పసుపు అద్ది కట్టు కట్టేసి ఉంటే మాత్రం రేపే డాక్టరు దగ్గరికి వెళ్ళు.

చున్నీ వేసుకుని మిషన్ ముట్టుకోవద్దు. జడ ముడి వేసుకో. గాజులు, ఉంగరం తీసి దేవుడి గూట్లో పెట్టు. వాడే కళ్ళజోడు చాలదు, పక్కలు కూడా మూసి ఉండే గాగుల్స్ కావాలి. ముక్కుకి చేతిరుమాలు పనికిరాదు, ఎన్95 ఉండాలి. కళ్ళకి కనపడే పొట్టు ముక్కులో ఆగిపోతుంది, కనపడని దుమ్మే ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 1995లోనే కర్రదుమ్మును మనుషులకి క్యాన్సర్ తెచ్చేవాటిలో చేర్చింది. మా రోజుల్లో ఎవరూ చెప్పలేదు. నా దగ్గర పనిచేసిన ముసలి మేస్త్రీ పొద్దున్నే లేచి అరగంట దగ్గేవాడు, అది చుట్ట దగ్గనుకునేవాళ్ళం.

వాన రోజులు, బాల్కనీ నేల తడిగా ఉంటుంది. రబ్బరు చెప్పులు వేసుకున్నావా? మీ మెయిన్ బోర్డులో 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ, అదే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్, ఉందో లేదో అల్లుడుగారిని చూడమను. దాని మీద టెస్ట్ బటన్ ఉంటుంది, నొక్కితే టక్కున పడిపోవాలి.

ఒక విషయం ఇన్నేళ్ళుగా నీకు చెప్పలేదు. ఇప్పుడు చెప్తాను.

1997. ఈ ఇంటి గృహప్రవేశానికి పది రోజులే ఉంది. వీధి తలుపు టేకుది, నున్నగా చేసి పాలిష్ పెట్టాలి. పాలిష్ మేస్త్రీకి జ్వరం వచ్చింది. ఆగలేక నేనే మొదలుపెట్టాను. ఒకరి దగ్గర నాలుగు అంగుళాల గ్రైండర్ తెచ్చి, దానికి గరుకు బిళ్ళ తగిలించాను. నిమిషానికి 11 వేల చుట్లు తిరిగే మిషన్ అది, ఇనుము కొయ్యడానికి చేసింది. తలుపు మూలల్లోకి వెళ్ళడం లేదని బిళ్ళకి అడ్డుగా ఉండే గార్డు కూడా ఊడదీశాను. ఐటీఐలో పిల్లలకి తియ్యొద్దని చెప్పేవాణ్ణి, నేనే తీశాను. వసారాలో రెండు స్టూళ్ళ మీద తలుపు పడుకోబెట్టి పని చేస్తున్నాను. అరగంటలో సగం అయింది. నాలుగింటికి కరెంటు పోయింది. మీ అమ్మ కాఫీకి పిలిచింది. గ్రైండర్ తలుపు మీదే పెట్టేసి పెరట్లోకి వెళ్ళాను. లాక్ బటన్ నొక్కే ఉంది. ప్లగ్గు గోడకే ఉంది.

నీకప్పుడు నాలుగేళ్ళు. తలుపు కింద నీడగా ఉందని, ఆ రెండు స్టూళ్ళ మధ్య కూర్చుని లక్కపిడతలు పెట్టుకున్నావు. రాలిన పొట్టు గిన్నెల్లోకి ఎత్తి అన్నం వండుతున్నావు. కాఫీ గ్లాసు పట్టుకుని నేను గుమ్మం దాకా వచ్చాను. "నాన్నా, అన్నం" అని ఒక గిన్నె నా వైపు చాచావు. అప్పుడే వసారా లైటు వెలిగింది. ఆ వెంటనే మిషన్ అరిచింది.

దానంతట అదే తలుపు మీద పాక్కుంటూ వచ్చింది. కట్టేసిన కుక్క తాడు లాగినట్టు వైరుని లాక్కుంటూ నీవైపు అంచు దాకా వచ్చి, అక్కడి నుంచి కిందకి ఒరిగింది. నేనెలా దూకానో నాకు గుర్తు లేదు. చేతికి ఏది దొరికితే అది పట్టుకున్నాను. దొరికింది బిళ్ళే. నాయనమ్మ వచ్చి గోడ దగ్గర వైరు పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. కరెంటు అంటే బల్బు వెయ్యడానికి కూడా భయపడే మనిషి, ఆ రోజు ఎలా గుంజిందో. మిషన్ ఆగేసరికి నీ మోకాలికీ దానికీ మధ్య జానెడు లేదు. నీ తెల్లగౌను మీద రక్తం చూసి మీ అమ్మ కేక పెట్టింది. ఆ రక్తం నాది. నీకు గీత కూడా పడలేదు. చేతిలో గిన్నె అలాగే పట్టుకుని చూస్తున్నావు.

తొమ్మిది కుట్లు. నా ఎడమ అరచేతిలో మచ్చ ఏంటని నువ్వు అడిగినప్పుడల్లా ఉలి తగిలిందని చెప్పాను. అది అబద్ధం. నీకు చెప్పొద్దని మీ అమ్మకీ నాయనమ్మకీ ఒట్టు పెట్టాను. నువ్వు భయపడతావని అనుకున్నాను. నీకు తెలిస్తే నా మొహం నీకెలా చూపించాలో తెలియక కూడా. ఆ రాత్రి నాయనమ్మ నిన్ను ఒళ్ళో పెట్టుకుని తెల్లారేదాకా ఆ ఉయ్యాల బల్ల దిగలేదు.

నీ దగ్గరున్నది గ్రైండర్ కాదు, తెలుసు. కానీ దాని స్విచ్ కూడా ఒకసారి ఆన్ చేస్తే ఆన్‌లోనే ఉండిపోతుంది. మీ అపార్ట్‌మెంట్‌లో జనరేటర్ పది సెకన్లలో వచ్చేస్తుందని చెప్పావు. నా భయం ఆ పది సెకన్లే. కరెంటు పోయిన క్షణం ముందు స్విచ్, తర్వాత ప్లగ్గు. కాలింగ్ బెల్ మోగినా అంతే, పిల్లాడు ఏడ్చినా అంతే.

ఇప్పుడు అసలు సంగతి. ఆ బల్ల రంగు గీకకు అమ్మడూ.

ఇది ముందే చెప్పాల్సింది. నాయనమ్మ సంవత్సరీకాల రోజు నువ్వు బల్ల అడిగితే కళ్ళు చెమర్చి లారీలో వేసి పంపేశాను, ఆలోచించలేదు. ఆ ఆకుపచ్చ, దాని పసుపు అంచు 1989లో మా పెళ్ళికి వేయించినవి. దాని కింద ఇంకా పాతది గులాబీ రంగు పూత ఉంది. ఆ కాలం పచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో సీసం కలిసేది. ఇంట్లో వాడే రంగుల్లో సీసం 90 పీపీఎమ్, అంటే పది లక్షల పాళ్ళలో తొంభై, దాటకూడదన్న రూలు మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. బల్లకి ఉన్న పూతలన్నీ దానికి ముందువే. డబ్బాలో, పూతలో ఉన్నంతసేపూ అది కదలదు. మిషన్ పెడితే పిండిలా లేచి కర్టెన్ల మీద, చాప మీద, ఆరేసిన బట్టల మీద వాలుతుంది. బుజ్జిగాడు నేల మీద పాకే పిల్లాడు, చెయ్యి నోట్లోనే ఉంటుంది. కడుపులోకి వెళ్ళిన సీసాన్ని పెద్దవాళ్ళకన్నా చంటిపిల్లల ఒళ్ళు నాలుగైదు రెట్లు ఎక్కువ లాక్కుంటుంది. అది మెదడు మీద పనిచేస్తుంది. పైకి ఏమీ తెలియదు, జ్వరం రాదు, దద్దురు రాదు.

సగం గీకేశావని సూరి మామయ్య చిన్నోడు అన్నాడు. కంగారు పడకు, చెయ్యాల్సినవి చెప్తాను. మిగతా సగం ముట్టుకోవద్దు. బల్లని పాత దుప్పట్లో చుట్టి తాడు కట్టి పక్కన పెట్టు. బాల్కనీ, దాని పక్క గది చీపురుతో ఊడవద్దు, ఊడిస్తే మళ్ళీ లేస్తుంది. సబ్బునీళ్ళ తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డలు పారెయ్యండి. ఆ పని అల్లుడుగారిని మాస్కు పెట్టుకుని చెయ్యమను, నీ చెయ్యి తడపకు. ఆ పూట కట్టుకున్న బట్టలు విడిగా ఉతకాలి. బుజ్జిగాడి బొమ్మలన్నీ కడగాలి. వాణ్ణి పిల్లల డాక్టరుకి చూపించి జరిగింది చెప్పి, రక్తంలో సీసం పరీక్ష అడుగు. సిగ్గుపడకు, దాచకు. మిషన్ సంచిలో ఉన్న దుమ్ము కవర్లో మూతి కట్టి బయట పడెయ్యి. ఆ బల్లకి ఇత్తడి పూల కింద ఇనుప మేకులు ఉన్నాయి, బిళ్ళ తగిలి నిప్పురవ్వ సంచిలోకి వెళ్తే లోపల లోపలే రాజుకుంటుంది. అవిసె నూనె తుడిచిన గుడ్డలు ఉంటే ఉండలా చుట్టి పెట్టకు, వాటంతట అవే అంటుకుంటాయి. విడదీసి ఆరెయ్యి.

బల్ల నాకు పంపించెయ్యి. వానలు తగ్గాక పెరట్లో, వాటర్ పేపర్ అనే ఉప్పు కాగితం తడిపి, పొడి లేవకుండా చేత్తో చేస్తాను. నీకు మిషన్ పని నేర్చుకోవాలని ఉంటే రంగు లేని కొత్త టేకు చెక్క నేను పంపుతాను, ఒక పీట చేసుకో. పీట మీద బుజ్జిగాడు కూర్చుంటాడు.

పొద్దుటి బస్సుకి పార్సిల్ వేస్తున్నాను. అందులో ఎన్95 మాస్కులు పది, గాగుల్స్ ఒకటి, మీ అమ్మ చేసిన సున్నుండలు ఉన్నాయి. సున్నుండల డబ్బా విడిగా కట్టాను. చేతులు కడుక్కుని తిను.

ఈ ఉత్తరం అందగానే కట్టు విప్పి, కిటికీ దగ్గర వెలుతుర్లో, అరచెయ్యి పైకి పెట్టి ఒక ఫోటో తీసి పంపు. వేళ్ళు అయిదూ విడదీసి. మీ అమ్మ నంబరుకి వద్దు, ముందు నా నంబరుకి.

ఇట్లు,
నాన్న

తా.క.: ఫోటో తియ్యడానికి అల్లుడుగారికి ఫోన్ ఇవ్వు. ఎడమచేత్తో నువ్వే తీస్తే కదిలిపోతుంది.